మిద్దె మీద మిరపకు ఎలుక కాటు, మొదలు కుళ్ళు: మీరేం చేశారు?

పటమట మిద్దెతోట:
అందరికీ నమస్కారం. మా మిద్దె మీద గ్రో బ్యాగుల్లో మిరప, వంగ, టమాటా, రెండు డ్రమ్ముల్లో బొప్పాయి ఉన్నాయి. వానలు కాస్త తెరిపిచ్చాక రెండు రకాల నష్టం మొదలైంది. కొన్ని మొక్కలు తెల్లారేసరికి మొదట్లో కొరికేసి పడి ఉంటున్నాయి. కొన్ని మాత్రం నిలబడే ఉన్నాయి కానీ ఆకులు వాలిపోయి, మట్టిని ఆనుకున్న చోట కాండం గోధుమ రంగుకు తిరిగి మెత్తబడుతోంది. పక్క ఖాళీ స్థలంలోని కొబ్బరి చెట్టు మట్టలు మా పిట్టగోడను తగులుతున్నాయి. ఎలుకలు అటునుంచే వస్తున్నాయని అనుమానం. ఏది ఎలుక పని, ఏది తెగులు? రెండింటికీ ఒకేసారి ఏం చేయాలి? కాయ దిగే సమయంలో ఇలా అయ్యేసరికి చాలా బాధగా ఉంది.

తాడికొండ రైతుబిడ్డ:
ముందు పడిపోయిన మొక్క తెగిన చోటు చూడండి మేడమ్. ఎలుక కొరికితే కోత ఏటవాలుగా ఉంటుంది. రెండు పళ్ళ గాట్లు పక్కపక్కన కనిపిస్తాయి, కింద మట్టి మీద కాండం పొట్టు రాలి ఉంటుంది. గొంగళి పురుగు కొరికితే అంచు పీకినట్టు గరుకుగా ఉంటుంది, మట్టిని కాస్త కదిపితే పురుగు చుట్టుకుని దొరుకుతుంది. ఉడుత పగటిపూట వస్తుంది, దాని చూపు ఎక్కువగా కాయల మీదే.

ఇక నిలబడి వాడిన మొక్కను పీకి చూడాలి. మొదట్లో తెల్లటి దారాలు, వాటి మధ్య ఆవగింజల్లాంటి గుండ్రటి గోధుమ రంగు గింజలు ఉంటే అది స్క్లెరోషియం అనే శిలీంధ్రం. మేం మొదలు కుళ్ళు అంటాం. దారాలు లేకుండా మొదలు చుట్టూ నల్లటి పట్టీ పడి నీరు కారుతున్నట్టుంటే ఫైటోఫ్తోరా అనే ఇంకో కుళ్ళు తెగులు అనుకోవచ్చు. ఆకు పచ్చగా ఉండగానే మొక్క మొత్తం వాలిపోతే కాండం ముక్క కోసి గాజు గ్లాసులో నీళ్ళలో వేలాడదీయండి. కోసిన చోటు నుంచి పాలలాంటి చార దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. దానికి ఏ శిలీంధ్రపు మందూ పనిచేయదు, మొక్కను తీసేయడమే.

పటమట మిద్దెతోట:
చాలా థాంక్సండీ. ఇప్పుడే నాలుగు మొక్కలు పీకి చూశాను. విచిత్రం ఏమిటంటే రెండూ ఒకే మొక్కలో ఉన్నాయి. మొదట్లో ఒక పక్క బెరడు కొరికి ఉంది, అక్కడి నుంచే కుళ్ళు పైకి పాకింది. నేను మల్చింగ్ (మట్టి ఆరిపోకుండా పైన కప్పడం) కోసం కాండం దాకా కొబ్బరి పీచు పరిచాను. దాన్ని ఎత్తితే కింద తెల్లటి దారాలు, మీరు చెప్పిన ఆవగింజలు. పీచు కింద ఎలుక నడిచిన సొరంగం కూడా కనిపించింది.

బ్రాడీపేట మాస్టారు:
అమ్మా, మీరు చూసిందే అసలు విషయం. చాలామంది ఎలుకకు బోను పెట్టి ఊరుకుంటారు, లేదా కుళ్ళుకు మందు పోసి ఊరుకుంటారు. ఈ రెండూ ఒక చోటనే బతుకుతాయి. తడిగా, చీకటిగా, కాండాన్ని ఆనుకుని ఉన్న పీచూ ఆకులూ ఎలుకకు దాక్కునే దారి. స్క్లెరోషియానికి అదే తిండి, ఎందుకంటే ఆ శిలీంధ్రం సగం కుళ్ళిన చెత్త మీద పెరిగి బలం పుంజుకున్నాకే మొక్క మీదికి వస్తుంది. ఎలుక బెరడు గీరితే దానికి తలుపు తీసినట్టే.

అందుకని ఈ రోజే ప్రతి మొక్క చుట్టూ నాలుగు వేళ్ళ మేర పీచు తీసి మట్టి బయటపెట్టండి. గాలి, ఎండ తగలాలి. మల్చింగ్ మానమనడం లేదు. మన ఎండలకు అది కావాలి, కానీ కాండాన్ని తాకకూడదు. ఈ ఒక్క పని చేయనంతకాలం మిగిలినవన్నీ తాత్కాలికమే.

రెండోది మట్టి. గుంటూరు వైపు చాలామంది నల్ల రేగడి తెచ్చి బ్యాగుల్లో నింపుతారు. పొలంలో మిరపకు అది బంగారం లాంటి నేల. బ్యాగులో మాత్రం నీటిని పట్టుకుని వదలదు. ఎర్రమట్టి, బాగా మాగిన పశువుల ఎరువు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు), కొంచెం కృష్ణా ఇసుక కలిపితే నీళ్ళు దిగుతాయి. పచ్చి పేడ, సగం మాగిన కంపోస్టు వేయొద్దు. నీళ్ళు పొద్దున్నే పోయండి. సాయంత్రం పోస్తే రాత్రంతా మొదలు తడిగా ఉంటుంది, ఎలుక తిరిగేదీ ఆ వేళే. బ్యాగు అడుగున రంధ్రాలు మూసుకుపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి.

సింగ్‌నగర్ మల్లెపందిరి:
మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నేను ఎలుకల సంగతి చెప్తాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా ఏరియా మునిగినప్పుడు కింద బొరియల్లో ఉన్నవన్నీ పై అంతస్తులకు చేరాయి. నీళ్ళు తీశాక మనుషులు కిందికి దిగారు కానీ అవి దిగలేదు. ఖాళీ కుండీల్లో, డ్రమ్ముల వెనక, పాత తలుపు చెక్కల కింద కాపురం పెట్టాయి. తులసి మొక్కను కూడా మొదట్లో గీరేశాయి.

బోను విషయంలో ఒక మాట. ఎలుక కొత్త వస్తువును నమ్మదు. బోను తెచ్చిన రాత్రే బిగిస్తే దాని చుట్టూ తిరిగి పోతుంది. తలుపు పడకుండా కట్టేసి, లోపల తిండి పెట్టి మూడు నాలుగు రాత్రులు వదిలేయండి. నిర్భయంగా తినడం అలవాటయ్యాక బిగించండి. గోడ వారగా పెట్టాలి, ఎందుకంటే అది నట్టనడి మిద్దె మీద నడవదు, గోడను రాసుకుంటూ పోతుంది. కాల్చిన కొబ్బరి ముక్క, ఎండు చేప బాగా పనిచేశాయి. బోను పెట్టిన రోజుల్లో మిద్దె మీద ఇంకేం తిండి దొరక్కూడదు. వంటింటి చెత్త వేసే కంపోస్టు డబ్బాకు మూత గట్టిగా ఉండాలి.

ఇంకో ముఖ్యమైన మాట, దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. ఎలుక మూత్రం కలిసిన తడి మట్టి, నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మన దగ్గర ఎలుక జ్వరం అంటారు. చేతికి గాటున్నా, కాలికి పగుళ్ళున్నా అక్కడి నుంచి లోపలికి పోతుంది. గ్లౌజులు, చెప్పులు లేకుండా ఆ మట్టి కలపొద్దు. ఆ పని చేశాక జ్వరం, పిక్కల నొప్పులు, కళ్ళు ఎర్రబడటం ఉంటే డాక్టరుకు మట్టి పని చేశానని తప్పకుండా చెప్పండి. ఆ బ్యాగుల్లోని ఆకుకూర పచ్చిగా తినొద్దు.

భవానీపురం కుర్రాడు:
అక్కా, ఇంత శ్రమ ఎందుకు? షాపులో ఎలుకల మందు పేస్టు ట్యూబు దొరుకుతుంది కదా, టమాటా ముక్కకు రాసి పెడితే తెల్లారేసరికి పని అయిపోతుంది.

గుంటూరు ఎరువుల కొట్టు:
తమ్ముడూ, ఆ పని మాత్రం చేయొద్దు. పసుపు భాస్వరం ఉన్న పేస్టుకు విరుగుడు మందు లేదు. పొరపాటున పిల్లల నోట్లోకి పోతే మొదట పెద్దగా ఏమీ కనిపించదు, తర్వాత రోజుల్లో కాలేయం దెబ్బతింటుంది. కొట్టులో కూర్చుని చెప్తున్నాను, ఇంట్లో చిన్నపిల్లలున్నా, మనసు బాగాలేని వాళ్ళున్నా ఆ ట్యూబు గడప లోపలికి రాకూడదు. ఎవరి నోట్లోకైనా పోతే బాగానే ఉన్నారు కదా అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

జింక్ ఫాస్ఫైడు అనే ఎలుకల మందు కూడా మిద్దె మీద వాడేది కాదు. ఎలుక కొంచెం తిని జబ్బుపడి బతికితే మళ్ళీ ఆ ఎర ముట్టదు. పొలాల్లో బ్రోమోడయోలిన్ అనే ఎలుకల మందు వాడతారు. 96 పాళ్ళు నూకలకు 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు పొడి కలుపుతారు. అది రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. ఎలుక కొన్ని రోజులకు చస్తుంది కాబట్టి మిగతావాటికి అనుమానం రాదు. దానికి విటమిన్ కె1 విరుగుడు ఉంది. అయినా ఆ చచ్చిన ఎలుకను తిన్న పిల్లి, గుడ్లగూబ కూడా ప్రమాదంలో పడతాయి. ఎలుకల్ని పట్టేవాటినే చంపుకుంటే మనకు మిగిలేదేమిటి? మిద్దె తోటకు బోను, జాలీ చాలు.

గుణదల కొండకింద:
నాది జాలీ అనుభవం. ప్లాస్టిక్ నెట్ వేస్తే కొరికేశాయి. ఇనుప జాలీయే కావాలి, కన్ను అరంగుళం దాటకూడదు. చిట్టెలుకలుంటే పావు అంగుళం. ఒక్కో మొక్క చుట్టూ అడుగు ఎత్తున గొట్టంలా చుట్టి, రెండు అంగుళాలు మట్టిలోకి దింపాను. కాండానికి, జాలీకి మధ్య ఖాళీ ఉంచండి, లేకపోతే గాలికి మొక్క ఊగి జాలీకి రాసుకుని మళ్ళీ బెరడు లేస్తుంది. కొబ్బరి మట్టలు పిట్టగోడకు నాలుగైదు అడుగుల దూరం ఉండేలా కొట్టించండి. కేబుల్ వైర్ల మీద కూడా ఎలుకలు నడిచొస్తాయి.

ఎండాకాలంలో నా డ్రిప్పు పైపులు కొరికాయి. అది తిండి కోసం కాదు, నీళ్ళ కోసం.

భవానీపురం కుర్రాడు:
అర్థమైంది అన్నా, పేస్టు మాట వదిలేశాను. మరి గుంటూరు కారం నీళ్ళలో కలిపి కొడితే? మిరప మొక్కనే కొరుకుతున్నాయంటే వాటికి ఘాటు తెలియదా?

తాడికొండ రైతుబిడ్డ:
మిరపకాయలో ఘాటు ఎక్కువగా గింజలు అంటిపెట్టుకున్న తెల్ల పొరలో ఉంటుంది. కాండం కొరికితే దానికి ఆ మంట తెలియదు. పైగా ఎలుక ముందు పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోవడానికి తినని వాటిని కూడా కొరుకుతుంది. కారం నీళ్ళు ఒకటి రెండు రాత్రులు ఆపొచ్చు, ఒక వాన పడితే పోతుంది. మీ కళ్ళలో పడటమే ఎక్కువ.

పటమట మిద్దెతోట:
పీచంతా తీసేశాను. మట్టలు కొట్టించడానికి పక్కవాళ్ళతో మాట్లాడాం. ఇప్పుడు గాయపడిన మొక్కల సంగతి చెప్పండి. ఒక బొప్పాయికి మొదట్లో ఒక పక్క బెరడు పోయింది, ఇంకా కుళ్ళలేదు. మూడు మిరప మొక్కలకు చుట్టూ మెత్తబడింది.

బ్రాడీపేట మాస్టారు:
చుట్టూ మెత్తబడిన మిరపను బతికించలేరమ్మా. దారాలు, గింజలు రాలకుండా మొదలు దగ్గరి మట్టితో సహా కవర్లోకి తీసేయండి. కంపోస్టులో మాత్రం వేయొద్దు. బొప్పాయికి ఆశ ఉంది. పదునైన కత్తితో చెడిన బెరడును గట్టి భాగం వచ్చేదాకా గీసి, బోర్డో పేస్టు రాయండి. 100 గ్రాముల మైలతుత్తం (కాపర్ సల్ఫేట్) అర లీటరు నీళ్ళలో, 100 గ్రాముల సున్నం ఇంకో అర లీటరులో విడిగా కరిగించి, రెండూ కలపాలి. ప్లాస్టిక్ బకెట్ వాడండి, ఇనుపది వద్దు. కలిపాక మెరిసే ఇనుప కత్తిని ముంచి చూడండి, దాని మీద రాగి రంగు తేలితే సున్నం చాలలేదని అర్థం. బొప్పాయి మొదట్లో నీరు ఒక్క పూట నిలిచినా కష్టమే, డ్రమ్ము రంధ్రాలు పెద్దవి చేయించండి.

గుంటూరు ఎరువుల కొట్టు:
మాస్టారి మాటకు కొంచెం కలుపుతాను. పక్కనున్న బాగున్న మొక్కలకు కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు లీటరుకు 3 గ్రాములు కలిపి మొదట్లో పోయొచ్చు. పోసేముందు పండిన కాయలు కోసేయండి, తర్వాత డబ్బా మీద రాసిన గడువు దాకా కోయకండి. నల్ల పట్టీ పడే ఫైటోఫ్తోరాకు చాలామంది కార్బెండజిమ్ అనే శిలీంధ్రపు మందు అడుగుతారు, అది దాని మీద పనిచేయదు. అందుకే మొక్కను చూడకుండా మందు అడగొద్దని అందరికీ చెప్తుంటాను.

తెగులు శిలీంధ్రాలను అణిచే ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం వాడాలనుకుంటే 9 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి (నూనె తీసిన వేపగింజల చెక్క), 200 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనె కప్పి వారం పది రోజులు ఉంచి, బ్యాగుకు రెండు గుప్పిళ్ళు వేయండి. రాగి మందు పోసిన వెంటనే వేయొద్దు, ఆ మేలు చేసే శిలీంధ్రమూ దెబ్బతింటుంది. కనీసం రెండు వారాలు ఆగండి.

సింగ్‌నగర్ మల్లెపందిరి:
వేపపిండి సరే, వేరుశెనగ పిండి మాత్రం ఎలుకలున్న మిద్దె మీద వద్దు. వాసనకే వస్తాయి. నీళ్ళలో నానబెట్టి పోసినా నాకు అదే అనుభవం.

బ్రాడీపేట మాస్టారు:
దాంట్లో నాకు కొంచెం తేడా ఉందమ్మా. బాగా పులియబెట్టి, పలచగా మట్టిలోకి ఇంకేలా పోస్తే మాకు ఎలుకలు రాలేదు. పొడిగా పైన చల్లితే తప్పకుండా వస్తాయి. ఆముదం పిండి విషయంలో మాత్రం జాగ్రత్త, కుక్క తింటే ప్రాణానికే ముప్పు. పెంపుడు కుక్క మిద్దె ఎక్కే ఇళ్ళలో వాడొద్దు.

పటమట మిద్దెతోట:
మా ఇంట్లో కుక్క ఉంది, చెప్పి మంచిపని చేశారు. చివరిగా ఒకటి. తెగులు వచ్చిన బ్యాగుల మట్టిని పారేయాలా? అంత మట్టి మళ్ళీ మూడో అంతస్తుకు మోయించడం కష్టం.

తాడికొండ రైతుబిడ్డ:
పారేయక్కర్లేదు మేడమ్. ఆ ఆవగింజలు మట్టిలో ఏళ్ళ తరబడి బతుకుతాయి, కానీ మన మే నెల ఎండను తట్టుకోలేవు. అప్పటిదాకా బ్యాగుల మూతి కట్టి విడిగా పెట్టండి, అందులో వాడిన తాపీని వేరే బ్యాగుల్లో పెట్టొద్దు. మే మొదట్లో మిద్దె మీద షీటు పరిచి ఆ మట్టిని అరడుగు మందాన పోసి, బాగా తడిపి, లోపలిది కనిపించే పలచటి పారదర్శక పాలిథిన్ గాలి దూరకుండా కప్పి అంచుల్లో ఇటుకలు పెట్టండి. నల్ల కవరు వద్దు, లోపలికి ఎండ దిగదు. నాలుగు నుంచి ఆరు వారాలు కదపొద్దు.

పటమట మిద్దెతోట:
పొడి మట్టినే కప్పితే సరిపోదా?

తాడికొండ రైతుబిడ్డ:
సరిపోదండీ. తడి ఉంటేనే వేడి లోపలిదాకా దిగుతుంది, తడిసిన గింజే త్వరగా చస్తుంది. తీశాక ట్రైకోడెర్మా కలిపిన ఎరువు వేసి జూన్‌లో మొక్కజొన్న గానీ జొన్న గానీ ఒక పంట వేయండి, మిరప ఆ తర్వాత.