మంత్రం తెలిసిన నాయికకి కష్టం ఎలా తేవాలి? ఫాంటసీ నవల మొదటి ప్రతి మీద సలహాలు కావాలి

ఏటిగట్టు (ప్రశ్న):

ఫాంటసీ నవల మొదటి ప్రతి పూర్తయింది. 18 అధ్యాయాలు, సుమారు 42,000 మాటలు. నది మధ్య లంకల మీద ఓ చిన్న రాజ్యం. పడవ నడిపే ఎలారా అనే అమ్మాయికి ఒక విద్య పట్టుబడుతుంది. పేరు పెట్టి పిలిస్తే చాలు, ఆ వస్తువు ఆమె మాట వింటుంది. "తలుపు" అంటే తలుపు తెరుచుకుంటుంది, "నీళ్ళు" అంటే ఏరు లేచి నిలబడుతుంది.

చదివినవాళ్ళు చెప్పినవి రెండు. ఏడో అధ్యాయం దాటాక ఆమెకి ఏమవుతుందోనన్న బెంగ ఉండటం లేదట. రెండోది, ఇది తెలుగులో రాసిన కథలా లేదు, ఇంగ్లీషు నవలకి అనువాదంలా ఉందట. ఐదో అధ్యాయంలో ఒక ముక్క పెడుతున్నాను:

"అర్ధరాత్రి అయింది. కొండ వెనక నుంచి నిండు చంద్రుడు పైకి వచ్చాడు. వంద లీగులు రెండు రోజుల్లో స్వారీ చేసి వచ్చిన కేలన్ సత్రంలో మిరపకాయ బజ్జీలు తింటున్నాడు. ఎలారా లోపలికి రాగానే, 'నువ్వు ఆలస్యమయ్యావు' అన్నాడు."

విద్యకి పగ్గం ఎక్కడ వేయాలి? మన సంస్కృతి నుంచి ఏం తీసుకోవచ్చు, ఏం తీసుకోకూడదు? దయచేసి మొహమాటం లేకుండా చెప్పండి.

బేతాళప్రశ్న:

మొదటి చిక్కు గురించి చెప్తాను. మీ విద్యకి శక్తి ఉంది గానీ షరతు లేదు. షరతు ఎలా ఉండాలో చూడాలంటే బేతాళ కథల చట్రాన్ని మించింది లేదు. రాజు నోరు విప్పితే శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. అంటే మాట్లాడినా నష్టమే, మాట్లాడకపోయినా నష్టమే. పైగా ఆ నష్టం తగిలేది రాజు తెలివికే. తెలివితక్కువవాడైతే అతనికి ఏ బాధా లేదు. నాయకుడి గొప్పతనమే అతనికి ఉచ్చు కావడం వల్ల అంత పెద్ద కథల వరస ఒక్క షరతు మీద నిలబడింది.

మీ నాయిక బలం మాట. కాబట్టి పోవాల్సింది కూడా మాటే. ఒక వస్తువుని పిలిచిందంటే ఆ పేరు ఆమె నోట్లోంచి, బుర్రలోంచి శాశ్వతంగా పోవాలి. "తలుపు" తెరుచుకుంటుంది, ఆ తర్వాత ఆమెకి ఆ మాట ఉండదు. చెక్కని చూస్తుంది, తోస్తుంది, పేరు మాత్రం రాదు. వేరేవాళ్ళు అంటే అర్థం కాని చప్పుడులా వినిపిస్తుంది.

ఇది పనిచేయాలంటే లెక్క రాసుకోవాలి. 18 అధ్యాయాలకి ఏడు వాడకాలు చాలు, అంతకు మించితే పాఠకుడికి గుర్తుండవు. మొదటి రెండూ పోయినా పెద్ద బాధ లేని మాటలు: చేట, రోకలి. తర్వాతి మూడు రోజువారీ బతుకుకి అడ్డం పడేవి: తలుపు, పడవ, నీళ్ళు. పడవ నడిపే పిల్లకి "పడవ" అన్న మాట పోవడం ఎంత దెబ్బో మీకు నేను చెప్పక్కర్లేదు. చివరి రెండూ మనుషులు. "అక్క" అని పిలిచి అక్కని బతికించుకుంటే, ఆ తర్వాత ఆమెని ఏమని పిలవాలి? ఏడో అధ్యాయం తర్వాత బెంగ లేదన్నారు కదా, అది వచ్చేది ఇక్కడే. రాక్షసులని పెంచితే రాదు.

ఇందులో అందరూ చేసే తప్పొకటి ఉంది. ఎనిమిదో అధ్యాయంలో పోగొట్టిన మాటని పదకొండో అధ్యాయంలో నాయిక చేత మామూలుగా పలికించేస్తారు. కంప్యూటర్‌లో వెతికి సరిచూసుకోవచ్చు, కానీ తెలుగులో ఒక్క రూపం వెతికితే చాలదు. "తలుపు" కోసం వెతికితే "తలుపులు", "తలుపుకి" దొరుకుతాయి. "ఇల్లు" కోసం వెతికితే "ఇంట్లో", "ఇంటికి" దొరకవు, "ఇంట" అని విడిగా వెతకాలి, "ఇళ్ళు" అని ఇంకోసారి. "నీళ్ళు" మరీ చిక్కు: నీళ్ళు, నీళ్లు అని రెండు రాతలు, "నీటిలో", "నీరు" వేరే. పోయే ప్రతి మాటకీ ముందే రూపాలన్నీ ఒక కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటే వెతకండి.

మూడోజాము:

నేను ఆ ఐదో అధ్యాయం ముక్క పట్టుకుంటాను. అనువాదంలా అనిపించడానికి కారణం భాష ఒక్కటే కాదు, కొలతలు కూడా.

ముందు చంద్రుడు. పౌర్ణమి నాడు చంద్రుడు ఉదయించేది పొద్దు గూకే వేళకి. అర్ధరాత్రికి నడినెత్తిన ఉంటాడు. కొండ వెనక నుంచి నిండు చంద్రుడు అర్ధరాత్రి రావడం జరగని పని. పౌర్ణమి తర్వాత రోజుకి సుమారు 50 నిమిషాలు, అంటే రెండు ఘడియలు ఆలస్యంగా వస్తాడు. సంకటహర చవితికి చంద్రుడి కోసం రాత్రి తొమ్మిది దాకా ఎదురుచూసే ఇళ్ళన్నిటికీ ఇది తెలుసు. అర్ధరాత్రి ఉదయించాలంటే బహుళ అష్టమి పెట్టండి, కానీ అప్పుడు వచ్చేది సగం చంద్రుడు. నిజానికి మీ దృశ్యానికి అదే బాగుంటుంది. అప్పటిదాకా చీకటి, ఆమె రాగానే కొద్దిగా వెలుతురు. కథ మొత్తానికీ తిథులు రాసుకోండి. ఇది ముప్పై వరసల పట్టిక, ఒక పూట పని.

దూరం. లీగుల బదులు ఆమడ అంటే సరిపోదు, లెక్క కూడా కుదరాలి. ఆమడ సుమారు 8 మైళ్ళు, 13 కిలోమీటర్లకి కాస్త తక్కువ. మామూలు నడకకి ఆమడకి ఒక జాము, అంటే మూడు గంటలు పడుతుంది. ఈ రెండు కొలతలూ ఇలా కుదరడం రాసేవాళ్ళకి ఎంత సుఖమో చూడండి. "మూడు ఆమడలు" అంటే ఉదయం బయల్దేరినవాడు పొద్దు గూకేసరికి చేరతాడు. ఇక వంద ఆమడలంటే 1,250 కిలోమీటర్ల పైన. రోజూ ప్రయాణం చేసే గుర్రం 40, 50 కిలోమీటర్ల కన్నా ఎక్కువ పోలేదు. కేలన్‌కి రెండు రోజులు కాదు, నెల పడుతుంది. ఎనిమిది ఆమడలు అనండి, రెండు రోజులు సరిపోతాయి, గుర్రమూ బతుకుతుంది. ఎడ్లబండి అయితే ఇందులో సగం కూడా పోదు.

సత్రం. సత్రం ధర్మానికి పెట్టేది. డబ్బిచ్చి తినే చోటు పూటకూళ్ళ ఇల్లు. క్రీడాభిరామం అనే పాత తెలుగు వీధినాటకంలో ఓరుగల్లు పూటకూటింటి భోజనం మీద ఒక పద్యం ఉంది. అందులో ఒక్క రూకకి మేలైన అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డ పెరుగు. కవి ధర చెప్పాడు, ఏమేం వడ్డించారో చెప్పాడు, ఎవరింట్లోనో కూడా చెప్పాడు. ఒక ఊరు కళ్ళకి కట్టడానికి ఇంకేం కావాలి? ఆ వరసలో మిరపకాయ లేదు, ఉండే వీలూ లేదు. మిరప అమెరికా ఖండపు మొక్క, 1498 తర్వాత పోర్చుగీసువాళ్ళ రాకతో ఇటు వచ్చింది. టమాటా, బంగాళదుంప, మొక్కజొన్న, వేరుశనగ, జామ, బొప్పాయి, పొగాకు కూడా అంతే. మీ లోకం మీ కల్పన, మిరప ఉండకూడదని రూలేమీ లేదు. కానీ కాకతీయుల నాటి వాసన కావాలంటే కారానికి మిరియాలే.

అచ్చుతప్పు:

పేర్లు. తెలుగు అజంత భాష, మాట అచ్చుతో ముగుస్తుంది. "కేలన్" అనగానే పరాయి మనిషి వస్తాడు. విభక్తి తగిలించేటప్పుడు ఇబ్బంది బయటపడుతుంది: కేలన్‌ని, కేలన్‌తో, కేలన్‌కి. ఒక్కో పేజీలో పదిసార్లు నాలుక తట్టుకుంటుంది. అలాగని విక్రమసేనుడు, చంద్రసేనుడు అంటే జానపద సినిమా అయిపోతుంది. శాసనాలు తిరగేయండి. కాకతీయ వంశంలోనే బేతరాజు, ప్రోలరాజు, కుందమ, రుయ్యమ, ముమ్మడమ్మ ఉన్నారు. మైలమ అని కూడా ఉంది గానీ ఇప్పటి చెవికి "మైల" వినిపిస్తుంది, వదిలేయండి.

ఊరి పేరు చివర ముక్క పాఠకుడికి సగం వర్ణన చేసిపెడుతుంది. లంక అంటే నదిలో దిబ్బ, కోన అంటే కొండల మధ్య లోయ, పేట అంటే అంగళ్ళు. ఎత్తు మీద ఉన్న ఊరికి లంక అని పెట్టి తర్వాత పేరా నిండా వర్ణిస్తే పేరూ వర్ణనా పోట్లాడుకుంటాయి.

సంభాషణ. "నువ్వు ఆలస్యమయ్యావు" అని తెలుగువాళ్ళెవరూ అనరు. "ఇంతసేపా?" అంటారు. చనువుంటే "ఎక్కడ చచ్చావే" అంటారు, మర్యాదైతే "మీకోసమే చూస్తున్నా" అంటారు. ఈ మూడింట్లో ఏది రాస్తే వాళ్ళిద్దరి మధ్య సంబంధం అదే. ఇంగ్లీషు వాక్యానికి ఆ పని లేదు, అందుకే అనువాదం చప్పగా ఉంటుంది.

రాజుల చేత గ్రాంథికం పలికించకండి. మూడో పేజీలో "చేయుచున్నావు" అన్నవాడు ముప్పయ్యో పేజీలో "చేస్తున్నావు" అనేస్తాడు, ఇది తప్పకుండా జరుగుతుంది. చందమామలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసిన సీరియళ్ళు వాడుక తెలుగులోనే నడిచాయి. మాంత్రికులూ కోయదొరలూ రాజులూ అందరూ మామూలుగానే మాట్లాడతారు, భయం ఏమీ తగ్గలేదు. పాతదనం కావాలంటే క్రియలని ముట్టుకోకుండా నామవాచకాలతో తెండి. దర్బారు బదులు కొలువు, సిపాయి బదులు బంటు, ఖైదు బదులు చెర. పారశీక, అరబ్బీ మాటలన్నీ తీసేస్తే లోకం మారిపోతుంది.

ఓరుగల్లుతోవ:

అచ్చుతప్పు గారూ, చివరి మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. "రోజు" పారశీకం. "జవాబు", "ఖాళీ" అరబ్బీ. వీటిని తీసేసి 42,000 మాటల నవల రాస్తే అది అచ్చతెలుగు కావ్యం అవుతుంది, కథ కాదు. కొలువు, పదవులు, ఆయుధాలు, శిక్షల వరకు మీరన్న జల్లెడ పట్టండి, మిగతాది వదిలేయండి. అసలు ఏటిగట్టు గారి రాజ్యం గోలకొండలా ఎందుకు ఉండకూడదు? అప్పుడు ఫర్మానా, హుకుం అన్నవే సరైన మాటలు. ముందు ఏ కాలపు వాసనో తేల్చుకోవాలి, ఆ తర్వాతే జల్లెడ.

సంస్కృతి నుంచి ఏం తీసుకోవచ్చన్న ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. తెలంగాణలో పటం కథలు చెప్పే కుటుంబాలున్నాయి. చేర్యాల నకాషీ పటం పొడుగాటి గుడ్డ, అడ్డపట్టీలుగా బొమ్మలు, విప్పుతూ కథ చెప్తారు. కూనపులివాళ్ళు పద్మశాలీలకి మార్కండేయ పురాణం చెప్తారు, కాకిపడగలవాళ్ళు ముదిరాజులకి వాళ్ళ కథ చెప్తారు. ఒక్కో కథ ఒక్కో కులం పుట్టుపూర్వం, చెప్పే హక్కు ఒక్కో కుటుంబానిది. అందులో దేవుణ్ణి తీసుకుని పేరు మార్చి మీ నవల్లో ప్రతినాయకుణ్ణి చేస్తే, ఒక ఊరివాళ్ళ తాతముత్తాతల్ని తిట్టినట్టే. అది చేయకండి. పద్ధతి మాత్రం ఎంతైనా నేర్చుకోవచ్చు. పటంలో ఒక పట్టీకి ఒక ఘట్టం, తర్వాతి పట్టీ ఇంకా చుట్టలోనే ఉంటుంది. మీ 18 అధ్యాయాలని అలా గీసి చూడండి. ఒక పట్టీలో ఏం బొమ్మ వేయాలో తోచకపోతే ఆ అధ్యాయంలో ఏమీ జరగలేదన్నమాట.

వస్తువులైతే ఎవరి అనుమతీ అక్కర్లేదు. రామప్ప గుడి శిఖరపు ఇటుకలు నీళ్ళలో తేలతాయి. గుడి 1213 నాటిది, ఇటుకలు ఇప్పటికీ తేలుతూనే ఉన్నాయి. లంకల రాజ్యానికి తేలే ఇటుకలు ఎంత పనికొస్తాయో ఆలోచించండి. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము మూసిపెట్టి కాచి ఉక్కు తీసేవాళ్ళు, అది పశ్చిమాసియా దాకా వెళ్ళింది. మీ కథలో కత్తి ఆకాశం నుంచి పడక్కర్లేదు.

ఏటిగట్టు:

అందరికీ దండాలు. కాలం కాకతీయులకి దగ్గరగా పెట్టుకున్నాను. ఎలారా ఇప్పుడు రుయ్యమ, కేలన్ ఇప్పుడు ప్రోలడు. అంతకు ముందు అధ్యాయంలో ఆమె "తలుపు" పోగొట్టుకుంది. తిరగరాసిన ముక్క:

"బహుళ అష్టమి. పొద్దుపోయింది, వెలుతురింకా రాలేదు. ఎనిమిది ఆమడల దుమ్ము కాళ్ళ మీద ఉండగానే ప్రోలడు పూటకూళ్ళ ఇంట్లో పెసరపప్పన్నం కలుపుతున్నాడు. రుయ్యమ తలుపు దగ్గర ఆగింది. దాన్ని చేత్తో తడిమింది. 'ఇంతసేపా?' అన్నాడు ప్రోలడు. 'ఇది... దీన్ని వేసెయ్యనా?' అంది రుయ్యమ. కొండ మీద సగం చంద్రుడు పొడిచాడు."

బేతాళప్రశ్న:

"దీన్ని వేసెయ్యనా?" చాలా బాగుంది. ప్రోలడికి ఏం జరిగిందో అక్కడే అనుమానం రావాలి, ఒక వాక్యం వాడికివ్వండి. ముద్ద కలిపే చెయ్యి ఆగితే చాలు.

ఒక్కటి తప్పింది. "రుయ్యమ తలుపు దగ్గర ఆగింది" అన్నారు. ఆ వాక్యం ఆమెది కాదు, కథ చెప్పేవాడిదే. కానీ పేరా ఆమె చేతివేళ్ళ మీదుగా నడుస్తోంది, చెప్పేవాడు ఆమె పక్కనే ఉన్నాడు. అతనికి ఆ మాట ఉంటే పాఠకుడికి లోటు తెలియదు. రుయ్యమ వెంట నడిచే పేరాలన్నిట్లో చెప్పేవాడి దగ్గర నుంచి కూడా తీసేయండి. "రుయ్యమ లోపలికి రాబోయి ఆగింది. గోడ మధ్య నిలువుగా ఉన్న ఆ చెక్కని చేత్తో తడిమింది." ప్రోలడి వైపు నుంచి రాసే పేరాల్లో మాత్రం తలుపు తలుపే.

ఇంకొకటి, మీ వెతుకులాట కాగితంలో "గడప", "గుమ్మం", "గొళ్ళెం" కూడా చేర్చుకోండి. అవి ఆమెకి ఇంకా ఉన్నాయి. కంగారులో తలుపుని గుమ్మం అనేయొచ్చు, అలా అనాలి కూడా. ఎన్నిసార్లు అంటుందో లెక్క మీ దగ్గర ఉండాలి, ఎందుకంటే పన్నెండో అధ్యాయంలో ఆమె గుమ్మాన్నే పిలవాల్సి వస్తే రెండూ ఒకేసారి పోతాయి.