పని అయిపోయాక ఆలస్యం లెక్క: ప్లాన్ నుంచి కట్టాలా, జరిగినదాని నుంచా?

పైల్‌క్యాప్: ఆరంతస్తుల ఆఫీసు బిల్డింగ్. 14 నెలల కాంట్రాక్టు, 19వ నెలలో అప్పగించాం. మిగతా ఆలస్యాలు తేలిపోయాయి, ఒక్కదాని మీదే గొడవ. పైల్ క్యాప్ (పునాది పైల్స్ తలల మీద పోసే కాంక్రీటు దిమ్మ) డ్రాయింగులు క్లయింటు 40 రోజులు లేటుగా ఇచ్చాడు. బేస్‌లైన్ (మొదటి ప్లాన్) ప్రైమవెరా షెడ్యూల్ ఫైల్లో ఆ 40 రోజులు పెట్టి రన్ చేస్తే ముగింపు తేదీ సరిగ్గా 40 రోజులు జరిగింది. క్లయింటు కన్సల్టెంట్ మాత్రం యాజ్ ప్లాన్డ్ వర్సెస్ యాజ్ బిల్ట్ (ప్లాన్‌ని జరిగినదానితో పోల్చడం) వేసి 15 రోజులే అంటున్నాడు. ఎవరిది రైటు?

గోదారోడు: మీరు చేసింది ఇంపాక్టెడ్ యాజ్ ప్లాన్డ్. అందులో క్లయింటు ఆలస్యం ఒక్కటే పెడితే మీ తప్పు ఎక్కడ కనపడుతుంది బ్రో? ఆ 40 రోజులూ సైట్లో ఏం జరుగుతోందో చెప్పండి ముందు.

పైల్‌క్యాప్: పైల్స్ వేసే రిగ్గు పాడైంది. పైల్స్ మావే 25 రోజులు లేటు.

గోదారోడు: చూశారా! 40లోంచి 25 తీసేస్తే ఎంత?

ఫ్లోట్ నాదే: అంత తేలిగ్గా తీసేయకండి. టైమ్ ఇంపాక్ట్ అనాలిసిస్ (టీఐఏ) సంగతేంటి? బ్రిటన్‌లోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా (ఎస్‌సీఎల్) ఆలస్యాల లెక్కకు ఇచ్చిన ప్రోటోకాల్‌లో దానికే పెద్ద పీట కదా.

గోదారోడు: అది 2002 ఎడిషన్ మాట. 2017లో వచ్చిన రెండో ఎడిషన్ ఆరు పద్ధతులు చెప్పి, పనయ్యాక చేసే లెక్కకు ఫలానాదే వాడమని అనలేదు. అడ్డంకి వచ్చిన రోజుల్లోనే, అప్పటికి అప్‌డేట్ చేసిన షెడ్యూల్ మీద చేస్తే టీఐఏ బంగారం. బిల్డింగ్ అప్పగించాక కూడా 'ఇంత ఆలస్యం కావచ్చు' అని అంచనా వేయడమేంటి? ఎంతైందో కళ్ల ముందే ఉందిగా.

ఫ్లోట్ నాదే: సరే, పద్ధతి మీదే వాడదాం. మొదటి 25 రోజులు ఇద్దరి ఆలస్యమూ ఉంది. 2012లో వాల్టర్ లిల్లీ కేసులో ఇంగ్లండ్ కోర్టు ఇలాంటప్పుడు కాంట్రాక్టరుకు గడువు పూర్తిగా ఇవ్వాలంది. అంటే ఈఓటీ (గడువు పొడిగింపు) 40 రోజులు, ఖర్చు 15 రోజులకే. ఎల్‌డీ (ఆలస్యానికి మనం కట్టే పరిహారం) తప్పినా చాలు.

గోదారోడు: స్కాట్లండ్‌లో సిటీ ఇన్ కేసులో కోర్టు 2010లో ఆలస్యాన్ని ఇద్దరికీ పంచమంది మరి! అయినా పైల్స్ లేకుండా డ్రాయింగు ఉండి ఏం చేస్తారు?

ఫ్లోట్ నాదే: డ్రాయింగు లేకుండా పైల్స్ ఉండి ఏం చేస్తారు?

పాత ఈఈ: మీరిద్దరూ తెల్లార్లూ ఇలాగే ఆడుకోండి. కొలాప్స్‌డ్ యాజ్ బిల్ట్ (జరిగిన షెడ్యూల్లోంచి ఆలస్యం తీసేసి, అది లేకపోతే ఎప్పుడు అయ్యేదో చూడటం) అనే మూడోవాడు ఇంకా రాలేదు, సంతోషం. అందులో పనుల మధ్య లింకులు తర్వాత మనమే వేస్తాం కాబట్టి కావలసిన జవాబు రప్పించుకోవచ్చు. 2019లో ఆస్ట్రేలియాలో వైట్ కన్‌స్ట్రక్షన్స్ కేసులో జడ్జి ఇద్దరు ఎక్స్‌పర్టుల పద్ధతులూ పక్కన పెట్టి, సైట్లో అసలేం జరిగిందో చూశారు. నా 30 ఏళ్ల సర్వీసులోనూ అంతే. సాఫ్ట్‌వేర్ ప్రింటవుట్ కన్నా హిండ్రెన్స్ రిజిస్టరే (సైట్లో అడ్డంకులు రాసుకునే పుస్తకం) ఎక్కువ పనికొచ్చింది. పైల్‌క్యాప్ గారూ, రిగ్గు ఆగిన రోజు, డ్రాయింగు అడిగిన రోజు రాసిపెట్టారా? రిగ్గు త్వరగా బాగుచేయించకపోవడానికి డ్రాయింగు రాకపోవడమే కారణమైతే మీ వాదన పూర్తిగా మారిపోతుంది.

పైల్‌క్యాప్: నిజానికి అదే జరిగిందండీ. 'డ్రాయింగే లేదు, తొందరేముంది' అని స్పేర్ పార్టు మామూలు ట్రాన్స్‌పోర్టులో తెప్పించాం. రిజిస్టరులో మాత్రం 'రిగ్ బ్రేక్‌డౌన్' అని రెండే ముక్కలు రాశాను. ఆ వారం వెండర్‌కి పెట్టిన మెయిల్స్ వెతుకుతున్నా.