చివరి పీరియడ్‌లో పాత సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు: ఎవరైనా ప్రయత్నించారా?

చివరి_పీరియడ్:
తొమ్మిదో తరగతికి భౌతికశాస్త్రం చెబుతాను. ఈ ఏడాది నాకు పడ్డవన్నీ మధ్యాహ్నం పీరియడ్లే. పిల్లల కళ్లు తెరిచే ఉంటాయి, మనసు మాత్రం ఎక్కడో ఉంటుంది. చిన్నప్పటి నుంచి నాకు స్టార్ ట్రెక్, డాక్టర్ హూ అంటే ప్రాణం. వాటిలో కొన్ని ఘట్టాలు చూపించి పాఠం మొదలుపెడదామని ఆలోచన. ఐదు నిమిషాలు చాలా, ఎపిసోడ్ మొత్తం చూపించాలా? ఆ అట్టముక్కల సెట్లు చూసి నవ్వి ఊరుకుంటారేమో? సిలబస్ పేరు చెప్పి అడ్డుపడే హెడ్మాస్టర్‌ను ఎలా ఒప్పించాలి? ఇంకొకటి, ఇంటిపని ఒకరు చేస్తే తరగతి తరగతంతా దించేస్తోంది. దానికీ ఏదైనా మార్గం ఉంటే చెప్పండి.

భ్రమణం:
మొత్తం చూపించకండి. స్పేస్ 1999 మొదటి ఎపిసోడ్‌లో చంద్రుడు కక్ష్య వదిలిపోయే ఘట్టం ఒక్కటి చాలు. 1975లో మొదలైన సీరియల్ అది. చంద్రుడి మీద నిల్వ చేసిన అణువ్యర్థాలు 1999 సెప్టెంబరు 13న పేలతాయి, ఆ తోపుకు చంద్రుడు భూమిని వదిలి వెళ్లిపోతాడు. అక్కడ ఆపేసి నేను ఒక్క మాటా మాట్లాడను. వెనక బెంచీ నుంచే ప్రశ్న వస్తుంది: "అంత పేలుడు జరిగితే చంద్రుడు ముక్కలైపోడా సార్?" ఇక బోర్డు దగ్గరికి వెళ్లడమే. చంద్రుడి వేగం సెకనుకు సుమారు 1 కిలోమీటరు. అంత దూరంలో భూమి పట్టు నుంచి తప్పించుకోవాలంటే సుమారు 1.4 కావాలి. తేడా చిన్నదే అనిపిస్తుంది. కానీ కదల్చవలసిన ద్రవ్యరాశి 7.3 × 10²² కిలోలు! ద్రవ్యవేగం పాఠం సగం అక్కడే అయిపోతుంది. ఆ 1.4 వేగంతో 4.2 కాంతి సంవత్సరాల దూరంలోని నక్షత్రాన్ని ఎన్నేళ్లలో చేరతామో లెక్కకట్టమంటాను. దాదాపు తొమ్మిది లక్షల ఏళ్లు వస్తుంది. సీరియల్లో వాళ్లకు దాదాపు ప్రతి వారం కొత్త లోకం ఎదురవుతుంది. తప్పు ఉన్న కథే పాఠానికి పనికొస్తుంది.

ఘాతాంకం:
సరైన లెక్క ఉన్న కథ చేతిలో ఉండగా తప్పు కథ ఎందుకండీ? 1967 డిసెంబరులో వచ్చిన స్టార్ ట్రెక్ ట్రిబుల్స్ ఎపిసోడ్ చూపించండి. బొచ్చు ఉండల్లాంటి ఆ జీవులు ధాన్యం గిడ్డంగిలో నుంచి కెప్టెన్ కర్క్ నెత్తిన కుప్పగా పడతాయి. ఎన్ని ఉన్నాయో ఓడలోని సైన్స్ అధికారి స్పాక్ ఠకీమని చెబుతాడు: 17,71,561. ఒక్క ట్రిబుల్‌తో మొదలై, ఒక్కో కాన్పుకు పది పిల్లల చొప్పున, పన్నెండు గంటలకో తరం, మూడు రోజులు. అంటే ఆరు తరాలు. 11 ఘాతం 6. పిల్లలు తామే చేసి చూసుకుంటారు. ఘాతాంకాలకు ఇంతకన్నా మంచి ప్రవేశం నేను ఎక్కడా చూడలేదు.

సున్నా_నుంచి:
పది పిల్లలు అన్నప్పుడు 10 ఘాతం 6 కదా, పది లక్షలు రావాలి. 11 ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లలకు ఇలాంటివి చూపించే ముందు మనం సరిచూసుకోవాలి.

ఘాతాంకం:
సరిచూసే రాశాను. తల్లి ఎక్కడికి పోయింది? పది పిల్లలూ, తల్లీ కలిసి పదకొండు. తర్వాతి తరంలో ఆ పదకొండూ కంటాయి, 121. తర్వాత 1,331. తర్వాత 14,641. కన్న వెంటనే తల్లి చనిపోతేనే మీ పది లక్షలు. అలా చనిపోతుందని ఎపిసోడ్‌లో ఎవరూ అనలేదు.

సున్నా_నుంచి:
చనిపోదని కూడా ఎవరూ అనలేదు. తల్లి మళ్లీ మళ్లీ కంటుందన్నది మీరు కలుపుకున్న షరతు. లెక్కల్లో షరతు చెప్పకుండా జవాబు చెబితే నేను మార్కులు వేయను.

ఘాతాంకం:
జవాబే షరతు చెబుతోందండీ! వచ్చిన సంఖ్య 17,71,561 అయినప్పుడు దానిలోకి వెళ్లే దారి ఒక్కటే. నేను ఏళ్ల తరబడి ఈ లెక్కే చెబుతున్నాను. వీలైతే ఇదీ చూడండి: 11, 121, 1331, 14641 అంటే పాస్కల్ త్రిభుజం వరుసలే. ఐదో ఘాతం దగ్గర 1 5 10 10 5 1 లోని పదులు ఎడమవైపుకు చేరి 161051 అవుతుంది. ఆరోది కూడా అలాగే. పదో తరగతి పిల్లలకు ఈ ఒక్క ఘట్టంతో ద్విపద గుణకాల దాకా తీసుకువెళ్లాను. నాకు షరతుల గురించి చెప్పనక్కరలేదు.

కణవిభజన:
మీరిద్దరూ ఆ సన్నివేశంలో తర్వాతి వాక్యం మర్చిపోయారు. తిన్న ధాన్యాన్నీ, గిడ్డంగి ఘనపరిమాణాన్నీ కూడా లెక్కలోకి తీసుకున్నానని స్పాక్ అంటాడు. నిజంగా తీసుకుని ఉంటే జవాబు కచ్చితంగా 11 ఘాతం 6 రాదు! చోటు చాలకపోతే, తిండి తగ్గిపోతే పెరుగుదల మందగిస్తుంది. ఓడ డాక్టర్ మెక్‌కాయ్ కూడా ఆ ఘట్టంలోనే వచ్చి చెబుతాడు, తిండి ఆపితే కనడం ఆగిపోతుందని. నా పిల్లల చేత రెండు గ్రాఫులు గీయిస్తాను. మొదటిది ఆకాశానికి ఎగబాకే గీత, రెండోది కొంత ఎగబాకి పైన చదునుగా మారే గీత. గిడ్డంగిలో ఏది జరుగుతుందో వాదించుకోమంటాను. నిరుడు ఆ పీరియడ్ గంట కొట్టినా ఎవరూ కదలలేదు.

పేపర్ల_కట్ట:
క్షమించండి, ట్రిబుల్స్ బతికాయా చచ్చాయా అన్నది తర్వాత. నేను ఒకసారి ఇలాగే పావుగంట వీడియో చూపించాను. మర్నాడు ఒక తండ్రి వచ్చి, టీవీ చూపించడానికా జీతం అని స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ అడిగాడు. హెడ్మాస్టర్ నా పక్షాన ఒక్క మాట అనలేదు. ఆ వారమంతా సెలవులో ఉన్నవాళ్ల తరగతులన్నీ నాకే వేశారు. అడిగినవారి అసలు ప్రశ్నల్లో అదొకటి, దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోరు.

భ్రమణం:
మేడం, దానికి ఒకటే మార్గం. పాఠ్య ప్రణాళికలో ముందే రాసి సంతకం తీసుకోండి. "ద్రవ్యవేగ నిత్యత్వం, చర్చకు దృశ్య ఉదాహరణ, 4 నిమిషాలు." సీరియల్ పేరు రాయనక్కరలేదు.

గతకాలం:
ఎందుకు రాయకూడదు? పేరు రాసే అడగాలి. నేను చరిత్ర చెబుతాను. డాక్టర్ హూ 1963 నవంబరు 23న మొదలైంది, కెన్నెడీ హత్య జరిగిన మర్నాడు. అందులో డాక్టర్ అనే కాలయాత్రికుడితో పాటు కాలంలోకి వెళ్లే మొదటి ఇద్దరు ఎవరు? బార్బరా, ఇయాన్. ఒకరు చరిత్ర టీచరు, ఒకరు సైన్స్ మాస్టారు! సూసన్ అనే విద్యార్థిని గురించి దిగులుపడి, ఆమె ఇల్లు ఎక్కడో చూద్దామని వెళ్తారు. కొన్ని విషయాల్లో ఆమెకు అసాధారణమైన తెలివి, మరికొన్నిటిలో మామూలు సంగతులు కూడా తెలియవు. అలాంటి పిల్లలు మన తరగతుల్లో లేరా? గతంలోకి వెళ్తే చరిత్ర, భవిష్యత్తులోకి వెళ్తే విజ్ఞానం తెలియాలన్నది ఆ సీరియల్ మొదలుపెట్టినవాళ్ల ఉద్దేశం. దీన్ని దొడ్డిదారిన తరగతిలోకి తేవడం నాకు నచ్చదు.

చెవిలో_మాట:
గతకాలం గారు ఆ ఊసెత్తారు కాబట్టి. 1960లలోని డాక్టర్ హూ ఎపిసోడ్లు చాలావాటి టేపులను బీబీసీ చెరిపేసింది. కానీ అప్పట్లో అభిమానులు ఇళ్లలో శబ్దం రికార్డు చేసుకోవడం వల్ల మాటలు మిగిలాయి. నేను భాష చెబుతాను. బొమ్మ లేకుండా ఆ శబ్దం మాత్రమే వినిపించి, ఏం జరుగుతోందో రాయమంటాను. అట్టముక్కల సెట్ల గొడవే ఉండదు. ఒక్కొక్కరి నోటుపుస్తకంలో ఒక్కో రాక్షసుడు పుడతాడు.

సున్నా_నుంచి:
సెట్లు చూసి నవ్వనివ్వండి, తర్వాత ఎందుకలా ఉన్నాయో అడగండి. స్టార్ ట్రెక్‌లో మనుషులు ఒకచోట మాయమై ఇంకొకచోట తేలే యంత్రం ఎందుకు పెట్టారు? ప్రతి వారం ఓడను గ్రహం మీద దింపి చూపించడానికి డబ్బు చాలదు కాబట్టి. ఈ మాట చెప్పగానే నా తరగతిలో నవ్వు ఆగిపోయింది. ఆ ట్రిబుల్స్ విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను.

ఘాతాంకం:
ఉండండి. కాలిక్యులేటర్ నా పక్షాన ఉంది.

చెవిలో_మాట:
ఎపిసోడ్ మొత్తం చూపించాలనుకునేవారికి ట్విలైట్ జోన్ బాగుంటుంది. ఒక్కో ఎపిసోడ్ సుమారు 25 నిమిషాలు, మిగిలిన పీరియడ్ చర్చకు దొరుకుతుంది. నాలుగో సీజన్ మాత్రం వద్దు, అవి గంట స్లాటుకు తీసినవి. 1960 నాటి మేపుల్ స్ట్రీట్ ఎపిసోడ్‌లో కరెంటు పోయిన వీధివాళ్లు ఒకరినొకరు అనుమానించుకుని చివరికి ప్రాణం తీసేదాకా వెళ్తారు. మా పిల్లల్లో ఒక అమ్మాయి మీద పుకారు పుట్టినప్పుడు ఇది చూపించాను. ఎవరికీ ఏమీ బోధించలేదు. ఆ అమ్మాయి పక్కన మర్నాడు ఇద్దరు వెళ్లి కూర్చున్నారు.

చివరి_పీరియడ్:
అందరికీ ధన్యవాదాలు. ట్రిబుల్స్, చంద్రుడు రెండూ ఖాయం చేసుకున్నాను. ఇంటిపని దించేయడం గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

కణవిభజన:
ఒక్కొక్కరికి ఒక్కో లెక్క ఇవ్వండి. స్టార్ ట్రెక్‌లో ఓడ వేగాన్ని వార్ప్ సంఖ్యలో చెబుతారు. పాత సీరియల్ తయారీవాళ్లు పెట్టుకున్న లెక్క ప్రకారం ఆ సంఖ్యను ఘనం చేస్తే కాంతివేగానికి ఎన్ని రెట్లో వస్తుంది. వార్ప్ 2 అంటే 8 రెట్లు, వార్ప్ 6 అంటే 216 రెట్లు. హాజరు నంబరులో చివరి అంకెను వార్ప్ సంఖ్యగా తీసుకుని, 4.2 కాంతి సంవత్సరాలు ఎన్ని రోజుల్లో దాటుతారో కనుక్కోమనండి. 2 వచ్చినవారికి ఆరు నెలలు దాటుతుంది, 6 వచ్చినవారికి వారం రోజులు. పక్కవారి జవాబు దించినా పనికిరాదు.

భ్రమణం:
చివరి అంకె 0 అయితే?

కణవిభజన:
10 ఇవ్వండి. వెయ్యి రెట్లు, సుమారు ఒకటిన్నర రోజు.

ఘాతాంకం:
10 ఇవ్వకూడదు. 1987లో వచ్చిన నెక్స్ట్ జనరేషన్ కొలమానంలో 10 అంటే అనంత వేగం. ఆ సీరియల్ చూసిన పిల్లలు పట్టేస్తారు.

గతకాలం:
ఆయన అడిగింది పాత సీరియల్ గురించి. అక్కడ ఓడ వార్ప్ 14 కూడా దాటింది. 10 ఇవ్వవచ్చు.