1986కి ముందు ఆటోమేటిక్ టూర్బియాన్ చేతి గడియారం ఎవరైనా చేశారా?

పాత వాచీల గురించి లోతుగా తెలిసినవాళ్ల సాయం కావాలి. టూర్బియాన్‌కి గడియారాల తయారీదారు బ్రెగే పారిస్‌లో పేటెంట్ తీసుకున్నది 1801లో. జేబు గడియారం రోజంతా నిలువుగా ఉంటే భూమ్యాకర్షణ వల్ల టైమ్ తేడా వస్తుందని, లయగా ఊగే బ్యాలెన్స్ వీల్‌నీ, స్ప్రింగ్ శక్తిని కొద్దికొద్దిగా వదిలే ఎస్కేప్‌మెంట్‌నీ ఒక చిన్న పంజరంలో పెట్టి తిప్పాడు; అదే టూర్బియాన్. కీ ఇవ్వకుండానే నడిచే (ఆటోమేటిక్) చేతి గడియారానికి ఇంగ్లిష్ వాచ్‌మేకర్ హార్వుడ్ పొందిన స్విస్ పేటెంట్ 1924 నాటిది. ఈ రెండూ కలిసిన చేతి గడియారం సీరీస్‌గా అమ్మకానికి వచ్చింది మాత్రం 1986లో, స్విస్ కంపెనీ ఓడెమార్ పీగే వారి 2870 క్యాలిబర్‌తో (క్యాలిబర్ అంటే వాచీ లోపలి యంత్రం మోడల్).

ఆ పనితనం చూస్తే మతిపోతుంది. కేసుతో కలిపి మందం 6 మి.మీ. కూడా లేదు. టైటానియం పంజరం వ్యాసం 7.2 మి.మీ. భాగాలన్నీ బిగించే బేస్ ప్లేటు విడిగా లేదు, కేసు వెనక భాగమే ఆ పని చేస్తుంది. కీ మర కూడా వెనకే ఉంటుంది. చేయి కదిలినప్పుడు స్ప్రింగ్‌ని చుట్టే బరువు గుండ్రంగా తిరగదు, సుత్తిలా అటూ ఇటూ ఊగుతుంది.

నా ప్రశ్న: అంతకుముందు ఎవరైనా ఒక్క పీస్‌గానో, ప్రోటోటైప్‌గానో ఇలాంటిది చేశారా? మ్యూజియంలోనో వేలం క్యాటలాగ్‌లోనో చూసినవాళ్లుంటే వివరాలు చెప్పండి. అలాగే, పూర్తిగా గుండ్రంగా తిరిగే బరువు (రోటర్) వద్దనుకున్నది కేవలం మందం తగ్గించడానికేనా?