అమ్మకి పైకి చదివి వినిపించగలిగే పాతకాలపు ఇంగ్లిష్ ప్రేమకథలు చెప్పండి

రవ్వలడ్డు_ఎన్‌జే
అమ్మ ఆర్నెల్లకి మా దగ్గరికి వచ్చింది. శుక్లాల ఆపరేషన్ అయినప్పటి నుంచి ఎక్కువసేపు అక్షరాలు చూడలేకపోతోంది. అందుకని రాత్రి భోజనాలయ్యాక నేను ఇంగ్లిష్ నవల పట్టుకుని అప్పటికప్పుడు తెలుగులో చెప్తూ ఉంటాను. యద్దనపూడి సీరియల్ కోసం పక్కింటివాళ్ళ కంటే ముందు వారపత్రిక అందుకోవాలని పరుగెత్తిన మనిషి కదా, డ్యూకులూ గుర్రబ్బళ్ళూ ఉన్న ప్రేమకథలు బాగా పట్టేశాయి. పోయిన వారం అట్ట మీద 'స్వీట్' అని ఉంటే నమ్మి ఒకటి మొదలుపెట్టాను, సగం దాటాక ఏకంగా నాలుగు పేజీలు వదిలేయాల్సి వచ్చింది. "ఇందాకే కదే పోట్లాడుకున్నారు, అప్పుడే ఎలా కలిసిపోయారు?" అని అడిగింది అమ్మ. ఏం చెప్పను? పడకగది తలుపు దగ్గరే ఆగిపోయే చారిత్రక ప్రేమకథలు కావాలి. చిన్న నవలికలతో మొదలుపెట్టాలా, సిరీస్ పట్టుకోవాలా? సిరీస్ అయితే వరసలోనే చదవాలా?

అద్దెపుస్తకం
అమ్మగారికి అయితే జార్జెట్ హేయర్‌తో మొదలుపెట్టండి. 1921లో మొదటి నవల, 1974లో పోయేదాకా రాస్తూనే ఉంది. 1811-20 ప్రాంతపు ఇంగ్లండ్‌లో జరిగే, ఇవాళ 'రీజెన్సీ రొమాన్స్' అంటున్న ఈ పద్ధతికి దారి వేసింది ఆవిడే. మా విజయవాడలో అద్దె పుస్తకాల షాపులో అట్ట ఊడిపోయిన కాపీ ఒకటి దొరికింది, అప్పుడు నాకు పదిహేడేళ్ళు, సగం మాటలు అర్థం కాలేదు, అయినా తెల్లారేదాకా వదల్లేదు. ముందు 'ఫ్రెడరికా' (1965) తీసుకోండి. తల్లీతండ్రీ లేని తమ్ముళ్ళనీ చెల్లెల్నీ పెంచుతున్న పెద్దక్క కథ, మన ఇళ్ళల్లో అలాంటి అక్కలు ఎంతమంది లేరు! హీరో ఆమెని ప్రేమిస్తున్నానని తెలుసుకునే లోపు ఆ పిల్లల గొడవల్లో పీకల్దాకా మునిగిపోతాడు. దాటేయాల్సిన పేజీ ఒక్కటి కూడా ఉండదు.

ఆవిడ పుస్తకాలు ఎక్కువ విడివిడి కథలే. కానీ 'దీజ్ ఓల్డ్ షేడ్స్' (1926), 'డెవిల్స్ కబ్' (1932), 'యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ' (1937) మాత్రం ఒకే కుటుంబం. మూడోది మనవరాలి కథ, నేరుగా వాటర్లూ యుద్ధంలోకి తీసుకెళ్తుంది. వీటిని మాత్రం వరసలోనే చదవండి. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. 'ది గ్రాండ్ సోఫీ' (1950)లో వడ్డీ వ్యాపారి సీన్ ఒకటుంది, యూదుల్ని చాలా హీనంగా చూపించింది. మిగతా పుస్తకం ఎంత ఇష్టమైనా ఆ సీన్ నాకు ప్రతిసారీ బాధగానే ఉంటుంది, ముందే తెలిస్తే మంచిది.

పేజీతిప్పు
రవ్వలడ్డు గారూ, 'స్వీట్' అన్న మాటని నమ్మొద్దండి, ఒక్కో పబ్లిషర్ ఒక్కో అర్థంలో వాడతాడు. ఈ-బుక్ శాంపిల్ చదివి చూసుకుందామన్నా లాభం లేదు, ఎందుకంటే శాంపిల్‌లో వచ్చేది మొదటి పది శాతమే, మీరు భయపడే సీన్లు సగం దాటాకే వస్తాయి. నేను చేసేది ఏంటంటే ఒక్క స్టార్ ఇచ్చినవాళ్ళ రివ్యూలు చదవడం. "ముద్దు కూడా సరిగా లేదు, డబ్బులు వేస్ట్" అని ఎవరైనా కోప్పడితే ఆ పుస్తకం మనకి సరిపోతుంది. అమెజాన్‌లో 'క్లీన్ అండ్ హోల్సమ్' విభాగం కొంతవరకు పనికొస్తుంది, 'క్లోజ్డ్ డోర్' అని రాస్తే ఇంకా నమ్మకం. మీరు అమెరికాలోనే ఉన్నారు కాబట్టి లైబ్రరీ కార్డు తీసుకుని, లైబ్రరీ ఈ-బుక్స్ అరువిచ్చే లిబ్బీ యాప్‌లో పెట్టుకోండి, నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు.

నవలికల సంగతి. మీకు అవే ముందు మంచివి అంటాను. ఒక కథ రెండు మూడు రాత్రుల్లో అయిపోతుంది, అమ్మగారికి ఏ రచయిత నచ్చుతుందో తెలిసిపోతుంది. ఇదివరకు సిగ్నెట్, జీబ్రా అని రెండు కంపెనీలు సన్నటి రీజెన్సీ పుస్తకాలు వేసేవి, క్రిస్మస్‌కి ఐదు నవలికలు కలిపి ఒక సంపుటం వచ్చేది. 2005, 2006 ప్రాంతంలో ఆ లైన్లు రెండూ మూతపడ్డాయి, పాత కాపీలు ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో తిరుగుతున్నాయి. సిరీస్ నంబర్లలో సున్నా పాయింట్ ఐదు అని కనిపిస్తే అది మొదటి నవలకి ముందు జరిగిన కథ అని అర్థం. కానీ దాన్ని ముందు చదవకండి, మొదటి నవల అయ్యాక చదివితేనే అందులో ఉన్న దిగులు తెలుస్తుంది. నేను అలా ముందే చదివి ఒక మంచి మలుపు పాడుచేసుకున్నాను.

మెట్లమీద
'క్లీన్' అన్న మాట నాకు నచ్చదు, మిగతావి మురికివి అయినట్టు. కానీ వెతకడానికి ఆ మాటే పనిచేస్తుంది, ఏం చేస్తాం.

రవ్వలడ్డు_ఎన్‌జే
అందరికీ చాలా థాంక్సండి. ఒక నవలిక అయిపోయింది, 'ఫ్రెడరికా' తెచ్చి పెట్టాను. ఒక విషయం చెప్పాలనిపించి మళ్ళీ రాస్తున్నాను. నవలికలో పెళ్ళికి ముందు రెండు వైపుల లాయర్లు కూర్చుని, అమ్మాయి పేరు మీద ఎంత పెట్టాలి, భర్త పోతే ఏడాదికి ఆమెకి ఎంత రావాలి అని కాగితాలు రాసుకుంటారు. ఇది అమ్మకి బోరు కొడుతుందేమోనని తొందరగా దాటించబోతుంటే ఆపింది. "పసుపుకుంకుమల కింద ఇచ్చే పొలం లాంటిదే కదా ఇది" అంది. నేను ఇన్నేళ్ళుగా ఈ పుస్తకాలు చదువుతున్నా నాకు ఎప్పుడూ తట్టలేదు. అమ్మకి వాళ్ళ నాన్న అలాగే అరెకరం ఇచ్చాడట, ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉందట, నాకు ఆ రాత్రే తెలిసింది.

అద్దెపుస్తకం
మీ అమ్మగారు అసలు సంగతి పట్టుకున్నారు. ఇంగ్లండ్‌లో 1870, 1882 చట్టాలు వచ్చేదాకా పెళ్ళైన ఆడదాని డబ్బూ సామానూ మొగుడివే, పుట్టింటివాళ్ళు ముందే కాగితం రాయించుకుని ట్రస్టులో పెడితేనే ఆమెకంటూ ఏదైనా మిగిలేది. 1857 చట్టం వచ్చేదాకా విడాకులంటే పార్లమెంటు దాకా వెళ్ళాలి, అదీ డబ్బున్నవాళ్ళకే. తప్పుడు మనిషిని చేసుకుంటే బతుకంతా అంతే. అందుకే ఈ కథల్లో ఒక్క డాన్సుకి అంత టెన్షన్. చేతికి గ్లవుజు లేకుండా వేళ్ళు తగిలితే పేజీ అంతా వేడెక్కుతుంది. కట్టుబాట్లు ఎంత గట్టివో సరిగ్గా చూపించిన రచయిత చేతిలో పడకగది సీన్ లేని లోటే తెలియదు. పైపైన గౌన్లూ టీకప్పులూ పెట్టేసి, లోపల మాత్రం ఈ కాలం అమ్మాయిలా ఎవరికీ భయపడకుండా తిరిగే హీరోయిన్‌ని రాస్తే అది నాకు ఎక్కదు, ఎంత క్లీన్ అయినా సరే.

పారిపోయి పెళ్ళి చేసుకునే జంటలు గ్రెట్నా గ్రీన్‌కే ఎందుకు వెళ్తారని కూడా మీ అమ్మగారు అడుగుతారు చూడండి. 1754 నుంచి ఇంగ్లండ్‌లో ఇరవై ఒకటి నిండకపోతే పెద్దల ఒప్పుదల కావాల్సి వచ్చేది, స్కాట్లాండ్‌లో ఆ రూలు లేదు, ఈ ఊరు సరిహద్దు దాటగానే ఉంటుంది.

కోఠీ_మెట్లు
నేను కొంచెం వేరే మాట చెప్తాను. ఈ సిరీస్‌లలో ఇండియా నుంచి బోలెడు డబ్బుతో తిరిగొచ్చిన హీరో తరచు ఉంటాడు. ఆ డబ్బు ఎక్కడిదో చాలామంది రచయితలు ఒక్క వాక్యంలో దాటేస్తారు. మచిలీపట్నం, విశాఖ ఉన్న ఉత్తర సర్కారులు 1760లలోనే ఈస్టిండియా కంపెనీ చేతిలోకి వెళ్ళాయి కదా, చదువుతుంటే నాకు అక్కడే ముల్లు గుచ్చుకుంటుంది. కొందరు దాటేయరు. మిమీ మాథ్యూస్ 'ఎ మోడెస్ట్ ఇండిపెండెన్స్' (2019)లో ఒక లాయరూ ఒక అమ్మాయీ 1857 తిరుగుబాటులో కనపడకుండా పోయిన మనిషిని వెతుక్కుంటూ లండన్ నుంచి ఇండియా వస్తారు. తలుపు దగ్గరే ఆగే కథ, ప్రయాణం చాలా బాగుంటుంది. అది సిరీస్‌లో రెండోది, మొదటిది చదివాక తీసుకోండి.

నేను కోఠీ విమెన్స్ కాలేజీలో డిగ్రీ చేశాను. మేం క్లాసుకీ క్లాసుకీ మధ్య కూర్చున్న ఆ సింహాల మెట్లు కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీవి. ఆయన నిజాం దర్బారులో కంపెనీ రెసిడెంట్, అంటే కంపెనీ ప్రతినిధి; హైదరాబాద్ ఇంటి అమ్మాయి ఖైరున్నీసాని ప్రేమించి పెళ్ళి చేసుకున్నాడు, దాని మీద కంపెనీ విచారణ కూడా పెట్టింది. ఇది సరిగ్గా ఆ రీజెన్సీ నవలల కాలానికి కొంచెం ముందు. 1805లో పిల్లలిద్దరినీ ఓడెక్కించి ఇంగ్లండ్ పంపారు, అదే ఏడాది ఆయన కలకత్తాలో పోయాడు. నేను చదువుకున్న మూడేళ్ళూ ఆ మెట్ల మీద ఎవరూ నాకు ఈ కథ చెప్పలేదు, ఒక రొమాన్స్ నవల చదివి ఆ కాలం గురించి వెతుకుతుంటే దొరికింది.

గోదారొడ్డు
తెలుగులో కావాలంటే అడవి బాపిరాజు ఉన్నారుగా. 'హిమబిందు' శాతవాహనుల కాలం, 'గోన గన్నారెడ్డి' రుద్రమదేవి కాలం. నగలూ బొమ్మలూ వర్ణించడం మొదలుపెడితే ఆయనకి ఆగాలనిపించదు, పైకి చదివేటప్పుడే ఆ వర్ణనల రుచి. రాత్రికి పది పేజీలు చాలు. మా నాన్నగారు అలాగే చదివి వినిపించేవారు మాకు.

రవ్వలడ్డు_ఎన్‌జే
గోదారొడ్డు గారూ, 'హిమబిందు' చెప్పగానే అమ్మ మొహం వెలిగిపోయింది, పెళ్ళికి ముందు చదివిందట. మా తమ్ముడు వచ్చే నెల వస్తున్నాడు, వాడితో తెప్పిస్తాను.

కోఠీ మెట్లు గారూ, మీరు రాసింది రాత్రి అమ్మకి మొత్తం చదివాను. అంతా విని "ఆ పిల్లలు తల్లిని మళ్ళీ చూశారా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. నవల తీయబోతే "ఇవాళ్టికి వద్దులే, రేపు చదువుకుందాం" అని లైటు తీసేయమంది.