చందా కట్టినవాళ్లు బెంచి మీద, కట్టనివాళ్లు గ్రౌండ్‌లో. ఇదేం క్లబ్బు?

నైట్‌షిఫ్ట్ బ్యాక్
కొత్తవాళ్ల కోసం ముందు సంగతి చెప్తాను. సికింద్రాబాద్ వైపు ఆదివారం లీగ్ ఆడే చిన్న ఫుట్‌బాల్ క్లబ్బు మాది. ఉద్యోగాలు చేసుకునేవాళ్లం సగం, గ్రౌండ్ పక్క బస్తీ కుర్రాళ్లు సగం. మేం సీజన్‌కు ఇంతని చందా కడతాం, కుర్రాళ్ల దగ్గర తీసుకోం. మొన్న ఆదివారంతో సీజన్ అయిపోయింది. ఆ ఆఖరి మ్యాచ్ గెలిచినా ఓడినా పట్టికలో మా చోటు మారదు. పైకి వెళ్లే ఆశ ఎప్పుడో పోయింది, కిందికి దిగే భయమూ లేదు. అలాంటి మ్యాచ్‌లో కూడా నన్ను బెంచి మీద కూర్చోబెట్టి ఆఖరి ఐదు నిమిషాలకు దింపారు. బంతి నా చేతికి వచ్చింది ఒక్కసారి, త్రో వేయడానికి. నాతో పాటు కూర్చున్న ఇద్దరికి ఆ భాగ్యమూ లేదు.

నైట్ డ్యూటీ దిగి నిద్రపోకుండా నేరుగా గ్రౌండ్‌కు వచ్చినవాణ్ని. ఆ రోజు మా అబ్బాయిని కూడా తీసుకొచ్చాను. "నాన్నా, నువ్వెప్పుడు ఆడతావ్?" అని వాడు అడుగుతూనే ఉన్నాడు. తేలేది ఏమీ లేని మ్యాచ్‌లో కూడా ఆడించకపోతే మేం డబ్బు దేనికి కడుతున్నట్టు?

మిడ్‌ఫీల్డ్ మామ
డబ్బు కట్టాను కాబట్టి ఆడాలంటే టర్ఫ్ బుక్ చేసుకో అన్నా. గంటకు ఇంత. ఎవరూ నిన్ను బయటికి పిలవరు.

లెక్కల మనిషి
కోశాధికారిగా ఒక విషయం అడుగుతున్నా. మన పోటీ నియమాల ప్రకారం ఐదు సబ్‌లు, అంటే ఆట మధ్యలో ఐదుగురిని మార్చడం, వాడొచ్చు. మొన్న వాడినవి మూడు. మిగిలిన రెండు ఎందుకు వాడలేదు? దీనికి జవాబు కావాలి.

బ్యాండ్ నాదే
కెప్టెన్‌ని కాబట్టి నేనే చెప్పాలి, జట్టును దింపింది నేనే. మనకు తేలేది లేదన్నది నిజం. కానీ ఎదుటివాళ్లకు ఉంది. వాళ్లు మన మీద గెలిస్తే పై డివిజన్‌కు పోతారు, లేకపోతే ఇంకో క్లబ్బు పోతుంది. "సీజన్ అయిపోయింది, అందరూ సరదాగా ఆడండి" అని మనం వదిలేస్తే ఆ ఇంకో క్లబ్బువాళ్లు మనల్ని ఏమంటారు?

1982 వరల్డ్ కప్‌లో, స్పెయిన్‌లోని హిహోన్‌లో జరిగింది గుర్తు చేసుకోండి. పశ్చిమ జర్మనీ మొదట్లోనే ఆస్ట్రియా మీద ఒక గోల్ కొట్టింది. ఆ 1-0 అలాగే ఉంటే ఇద్దరూ ముందుకు పోతారు, అల్జీరియా ఇంటికి పోతుంది. మిగతా టైమంతా బంతిని అటూ ఇటూ తోసుకుంటూ గడిపేశారు. అల్జీరియా ముందు రోజే తన ఆట ముగించి కూర్చుంది, చేయడానికి ఏమీ లేదు. 1986 నుంచి గ్రూప్ ఆఖరి మ్యాచ్‌లు ఒకే టైముకు పెడుతున్నది అందుకే. మన బస్తీ లీగులో రెండు గ్రౌండ్లు, ఇద్దరు రిఫరీలు ఒకేసారి ఎక్కడ దొరుకుతారు? కాబట్టి నిజాయితీగా ఆడే బాధ్యత మన మీదే ఉంటుంది. గట్టి జట్టును దింపాను, 1-1 అయింది. ఆ రెండో క్లబ్బు పైకి పోయింది.

నైట్‌షిఫ్ట్ బ్యాక్
అంటే నేను ఆడితే మ్యాచ్ అమ్మేసినట్టా? వరల్డ్ కప్‌లో జర్మనీ కావాలని ఆడలేదు. నేను ఆడతానంటున్నాను! రెండింటికీ పోలికేంటి?

బ్యాండ్ నాదే
నేను ఆ మాట అనలేదు.

నైట్‌షిఫ్ట్ బ్యాక్
అన్నారు. మళ్లీ చదువుకోండి.

లెక్కల మనిషి
ఐదు సబ్‌ల సంగతి ఎవరూ మాట్లాడటం లేదు.

పాత గోలీ
పిల్లలూ, లొల్లి ఆపండి. ఫుట్‌బాల్‌లో పదకొండుగురే ఆడతారు, పన్నెండోవాడు కూర్చోవాలి, ఇది నిన్న మొన్న వచ్చింది కాదు. ఈ ఊరి పేరు ఎట్ల నిలబడిందో తెలుసా మీకు? హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్ తెచ్చింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా. ఆ జట్టును తయారుచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ అసలు బడిపంతులు. డ్రిబ్లింగ్ చేయొద్దు, ఒక్క టచ్‌లో పాస్ ఇవ్వాలని పోటీలు పెట్టేవారు. వాటం లేని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. ఎందుకు? ఒక్కడు బంతి పట్టుకుని ఊరేగితే జట్టు మునుగుతుందని. ఆయన ఇండియా జట్టుకు కోచ్ అయ్యాక ఆ పద్ధతితోనే 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ సెమీస్ దాకా పోయాం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో కొట్టి ఏషియాడ్ బంగారం తెచ్చాం. ఆయన ఎవరి ముఖం చూసీ జట్టు వేయలేదు. నేను సెకండ్ గోల్‌కీపర్‌గా ఎన్ని సీజన్లు తువ్వాలు భుజాన వేసుకుని కూర్చున్నానో ఎవరినైనా అడగండి. ఒక్కనాడు చందా గురించి మాట్లాడలేదు.

నైట్‌షిఫ్ట్ బ్యాక్
గోలీ సాబ్, మీ మీద గౌరవంతోనే అంటున్నా. రహీం గారి ఆటగాళ్లు పోలీసు ఉద్యోగులు. డిపార్ట్‌మెంట్ జీతం ఇచ్చింది, బూట్లు ఇచ్చింది. పేరుకు అందరూ అమెచ్యూర్లే, కానీ బెంచి మీద కూర్చున్నా నెల తిరిగేసరికి జీతం పడేది. నేను కూర్చోవడానికి నేనే ఎదురు డబ్బు కడుతున్నా. మీరూ తువ్వాలు వేసుకుని కూర్చున్న రోజుల్లో చందా కట్టారా? నాకు తెలిసి గ్రౌండ్ ఊరికే దొరికేది. ఇప్పుడు గ్రౌండ్‌కు డబ్బు, రిఫరీకి డబ్బు, ఎంట్రీకి డబ్బు, బంతులకు డబ్బు. ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తున్నాయి?

కార్నర్ కింగ్
పాయింటే.

మిడ్‌ఫీల్డ్ మామ
బెంచి మీద కూర్చోవడం తక్కువేం కాదు. 2022 ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ గోవాలో. హైదరాబాద్ 0-1తో వెనకబడి ఉంటే బెంచి మీద నుంచి వచ్చిన సాహిల్ తవోరా 88వ నిమిషంలో కొట్టాడు. తర్వాత పెనాల్టీల్లో మన గోలీ కట్టిమణి మూడు ఆపి కప్పు తెచ్చాడు. ఆ క్లబ్బే 2025లో ఊరు వదిలి ఢిల్లీ పోయింది, అది వేరే ఏడుపు.

లెక్కల మనిషి
తవోరాను దింపారు కాబట్టి కొట్టాడు. దింపకపోతే? అందుకే అడుగుతున్నా, మిగిలిన రెండు సబ్‌లు ఏమయ్యాయి?

బ్యాండ్ నాదే
సార్, 70వ నిమిషానికి మనవాడికి పిక్క పట్టేసింది, ఒకడికి పసుపు కార్డు. చివర్లో ఎవరైనా దెబ్బ తగిలి పడిపోతే మార్చడానికి మనిషి ఉండాలని ఆపాను. ఒకసారి బయటికి వచ్చినవాణ్ని మళ్లీ పంపలేం.

లెక్కల మనిషి
పంపొచ్చు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ నియమావళిలో మూడో నిబంధన చదవండి. యూత్, వెటరన్, దివ్యాంగుల, గ్రాస్‌రూట్స్ ఆటల్లో బయటికి వచ్చినవాడు మళ్లీ వెళ్లొచ్చు.

బ్యాండ్ నాదే
జాతీయ సమాఖ్య ఒప్పుకుంటేనే అని కూడా అక్కడే ఉంది. మన లీగ్ రూల్స్ కాగితంలో ఆ వీలు లేదు. ఆ కాగితం మీద సంతకం పెట్టింది మీరే.

లెక్కల మనిషి
సంతకం వేరు, స్ఫూర్తి వేరు.

కార్నర్ కింగ్
😂 కోశాధికారి గారూ, బిల్లుల దగ్గర కూడా ఇదే స్ఫూర్తి చూపించండి.

మిడ్‌ఫీల్డ్ మామ
ఉన్నమాట చెప్పనా? ఏడున్నర దాటితే ఎండ. ఆ ఎండలో మన నలభై దాటినవాళ్లు ముగ్గురు డిఫెన్స్‌లో ఉంటే మ్యాచ్ చేతులారా ఇచ్చేసినట్టే. కెప్టెన్ మర్యాదకు అనడం లేదు, నేను అంటున్నా.

నైట్‌షిఫ్ట్ బ్యాక్
థాంక్స్. ఇది ముందే అని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. ఇప్పుడు నేనూ ఉన్నమాట చెప్తా. ఈ క్లబ్బు పెట్టినప్పుడు లీగూ లేదు, డివిజనూ లేదు. ఆఫీసు నుంచి వచ్చి పొట్టలు తగ్గించుకుందామని నలుగురం మొదలుపెట్టాం. ఆడాక బండి దగ్గర ఇడ్లీ తిని, ఇరానీ చాయ్ తాగి పోయేవాళ్లం. తర్వాత కుర్రాళ్లు వచ్చారు, బాగా ఆడుతున్నారని రానిచ్చాం. తర్వాత లీగ్ అన్నారు, సరేనన్నాం. ఇప్పుడు మేం ఎందుకు పనికొస్తున్నాం? నెల మొదట్లో "అన్నా, ఫోన్‌పే చేయండి" అనడానికి. గెలిస్తే ఫొటోలో వాళ్లు, బిల్లు వస్తే మేం. మ్యాచ్ రోజు మేం అడ్డం. బంతులు, జెర్సీలు మా డబ్బుతో కొన్నవి, ఆడేది ఇంకెవరో.

నెట్లు కట్టేవాడు
అన్నా, ఆ ఇంకెవరో నేనే. ఇన్ని రోజులు చదివి ఊరుకున్నా, ఇప్పుడు రాస్తున్నా.

చందా కట్టం, ఒప్పుకుంటున్నా. మ్యాచ్ రోజు ఐదున్నరకు గ్రౌండ్‌కు వచ్చేది మేమే. సున్నం కలిపి గీతలు వేసేది మేమే. నెట్లకు పట్టీలు తెగిపోయాయని మూడు నెలల నుంచి చెప్తున్నాం, ఎవరూ కొనలేదు. పాత సైకిల్ ట్యూబులు కోసి ఆ ముక్కలతో పోల్‌కు కడుతున్నాం. వాన పడితే బిబ్స్ (జెర్సీ మీద వేసుకునే రంగు బనీన్లు) మా ఇళ్లకు తీసుకెళ్లి ఉతుకుతున్నాం, మా అమ్మ తిడుతుంది. ఇవి చందా కాదా?

ఆటలో ఎవరు బెంచి మీద ఉండాలో కెప్టెనన్న చూసుకుంటాడు. నన్ను కూర్చోబెట్టినా కూర్చుంటా, రెండు మ్యాచ్‌లు కూర్చున్నా కూడా. కానీ ఆదివారం సీజన్ ముగింపు బిర్యానీకి గ్రూపులో లిస్టు పెట్టారు. అందులో మా తొమ్మిది మంది పేర్లు ఒక్కటీ లేదు. ఎవరూ దాని గురించి ఇక్కడ అనలేదు. ఐదు సబ్‌ల గురించి మాత్రం బోలెడు రాశారు.

బ్యాండ్ నాదే
ఏ లిస్టు? నేను చూడలేదు.

లెక్కల మనిషి
చందా రిజిస్టర్‌లో ఉన్న పేర్లే లిస్టులో పెట్టాను. హోటల్‌వాడు ప్లేట్ల లెక్క అడిగాడు. కావాలని వదిలేసింది కాదు. రిజిస్టర్‌లో లేనివాళ్ల పేర్లు నేనెలా రాస్తాను? ఆడిట్‌లో అడిగితే ఏం చెప్పాలి?

పాత గోలీ
ఏం ఆడిట్ వయ్యా? ప్లేటు బిర్యానీకి ఆడిట్ ఎవడు చేస్తాడు? అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం రెండు ఒలింపిక్స్ ఆడాడు. అతని దగ్గర చందా రసీదు అడిగి ఉంటే ఈ ఊరికి ఏం మిగిలేది?

లెక్కల మనిషి
భావోద్వేగం వద్దు సార్. నేను అడిగేది పద్ధతి. సభ్యుడంటే ఎవరు? డబ్బు కట్టినవాడా, పని చేసేవాడా, బాగా ఆడేవాడా? ఒకటి తేల్చి రాసివ్వండి, రిజిస్టర్ మారుస్తాను. తేల్చకుండా నన్ను అనొద్దు.

మిడ్‌ఫీల్డ్ మామ
మొదటిసారి కోశాధికారితో ఏకీభవిస్తున్నా. అదే తేల్చాలి.

కార్నర్ కింగ్
రెండు జట్లు పెడదాం. ఒకటి లీగ్‌కు, ఒకటి సరదాకు.

బ్యాండ్ నాదే
రెండో జట్టుకు ఎంట్రీ ఫీజు మళ్లీ కట్టాలి, ప్రతివాడికీ రిజిస్ట్రేషన్ చేయించాలి. ఇద్దరు గోలీలు కావాలి. మనకున్నది ఒకడే, వాడూ పరీక్షలొస్తే రాడు. పైగా సరదా జట్టులో చందా కట్టినవాళ్లు, లీగ్ జట్టులో కుర్రాళ్లు అంటే ఇప్పుడున్న గొడవకే గోడ కట్టినట్టవుతుంది. వచ్చే సీజన్ నుంచి నేను ఒకటి చేయగలను. పట్టికలో ఎవరికీ తేడా పడని మ్యాచ్ అయితే వచ్చిన ప్రతివాడికీ కనీసం ఇరవై నిమిషాలు. ఎదుటివాళ్లకు లెక్క ఉన్న మ్యాచ్ అయితే నా ఇష్టం.

నైట్‌షిఫ్ట్ బ్యాక్
ఇరవై కాదు, ఒక హాఫ్.

బ్యాండ్ నాదే
ఇరవై ఐదు.

నెట్లు కట్టేవాడు
మీరు నిమిషాలు మాట్లాడుకోండి అన్నా. బిర్యానీకి మేం రాం. పిలిచినా రాం ఇప్పుడు. నెట్లు, బిబ్స్, సున్నం డబ్బా మా ఇంట్లోనే ఉన్నాయి. ఎవరైనా వచ్చి తీసుకెళ్లండి.

పాత గోలీ
బేటా, అవి అక్కడే ఉండనీ. సాయంత్రం మీ ఇంటికి వస్తున్నా.

నైట్‌షిఫ్ట్ బ్యాక్
తమ్ముడూ, నేను అన్నది నీ గురించి కాదు అంటే నువ్వు నమ్మవు, ఎందుకంటే కొంత నీ గురించే. నా చోట్లో ఆడింది నువ్వే కదా. కానీ ఆ లిస్టు నేను చేయలేదు, చూసి ఉంటే ఒప్పుకునేవాణ్ని కూడా కాదు. కోశాధికారి గారూ, హోటల్‌కు ఫోన్ చేసి తొమ్మిది ప్లేట్లు పెంచండి. అందులో ఒకటి నా చందాలోంచి కాదు, నా జేబులోంచి. హాఫ్ సంగతి మాత్రం నేను వదలను, జనరల్ మీటింగ్‌లో అడుగుతా.

లెక్కల మనిషి
తొమ్మిది ప్లేట్లు ఏ ఖాతాలో రాయాలి?