మడత దగ్గర పగిలే అట్ట, అంచు దాటే బొమ్మ, విల్లులా వంగే అట్టపలక: కార్డులో ఎక్కడ పొరపాటు జరుగుతోంది?

కాగితంపువ్వు:

అందరికీ నమస్కారం. మా నాయనమ్మకు వచ్చే నెలలో 80 ఏళ్లు నిండుతాయి. ఆ రోజుకు నా చేత్తో చేసిన కార్డు ఒకటి, దానితోపాటు తాతయ్య తనకు రాసిన ఉత్తరాలనూ రెండు పాత ఫొటోలనూ పెట్టుకునేందుకు మడతల పుస్తకం (పొడవైన కాగితాన్ని అటూ ఇటూ మడిచి చేసేది) ఒకటి ఇవ్వాలని అనుకున్నాను. మూడు వారాలుగా కూర్చుంటున్నాను. నాలుగు కార్డులు చేశాను, నాలుగూ పక్కన పడేశాను.

మొదటి ఇబ్బంది మడతతో వచ్చింది. ముదురు నీలం రంగు వేసిన 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) అట్టను ఏ4 పరిమాణంలో తీసుకుని సగానికి మడిస్తే, మడత పొడవునా రంగు పగిలి, లోపలి తెల్లదనం దారప్పోగులా బయటపడింది. కట్టర్‌తో పైపైన గీసి మడిచి చూశాను; నాలుగైదు సార్లు తెరిచి మూసేసరికి అక్కడక్కడా చిరిగిపోయింది.

రెండోది, కార్డు తెరవగానే లేచి నిలబడే చిన్న ఇల్లు. నమూనా కోసం ఏ5 కాగితాన్ని సగానికి మడిచి, మడత అంచు నుంచి 6 సెంటీమీటర్ల చొప్పున రెండు గాట్లు పెట్టి, వాటి మధ్య భాగాన్ని లోపలికి నెట్టాను. తెరిచినప్పుడు ముచ్చటగా నిలబడుతోంది గానీ, మూసినప్పుడు దాని కొస కార్డు అంచు దాటి ఒకటిన్నర సెంటీమీటరు బయటికి పొడుచుకు వస్తోంది.

మూడోది, పుస్తకం పైఅట్ట. దళసరి అట్ట మీద రంగు కాగితాన్ని తెల్ల జిగురుతో అంటిస్తే, తెల్లారేసరికి అది విల్లులా వంగిపోయింది. అన్నింటికంటే నన్ను భయపెడుతున్నవి మాత్రం ఉత్తరాలు. అరవై ఏళ్ల నాటివి, పచ్చబడి మడతల దగ్గర పెళుసుబారాయి. వాటిని పేజీలకు నేరుగా అంటించవచ్చా? పెద్దలు దయచేసి చెప్పగలరు.

మడతపేజీ:

కాగితంపువ్వు గారూ, మీ మొదటి ఇబ్బందికీ మూడో ఇబ్బందికీ కారణం ఒక్కటే కావచ్చునని నాకు అనిపిస్తోంది. చాలా ఏళ్లుగా నోటుపుస్తకాలు కుట్టుకుంటున్నాను కనుక ఈ సంగతిని కొంచెం విస్తరించి చెప్తాను, ఓపికగా చదవండి.

యంత్రం మీద తయారయ్యే కాగితానికి ఒక వాలు ఉంటుంది. నీళ్లలో కలిపిన గుజ్జు కదులుతున్న సన్నని వల మీదికి జారేటప్పుడు, అందులోని పీచు పోగుల్లో ఎక్కువ భాగం ఆ వల కదిలే దిశకే తిరిగి పడుకుంటాయి. దీన్నే గ్రెయిన్ అంటారు. వాలు వెంబడి మడిస్తే పోగులు ఒకదాని పక్కన ఒకటి ఒదిగిపోతాయి కనుక మడత నున్నగా వస్తుంది, వాలుకు అడ్డంగా మడిస్తే ప్రతి పోగూ విరగాలి కనుక పైపొర పగులుతుంది. (చేత్తో చేసిన కాగితంలో అచ్చును అటూ ఇటూ ఊపుతారు కాబట్టి పోగులు అన్ని వైపులకూ అల్లుకుని, వాలు దాదాపుగా ఉండదు.)

ఏ4 షీట్లలో చాలావాటికి ఈ వాలు పొడవు వెంబడి, అంటే 297 మిల్లీమీటర్ల అంచుకు సమాంతరంగా ఉంటుంది. మీరు దాన్ని సగానికి మడిచినప్పుడు మడత 210 మిల్లీమీటర్ల అంచుకు సమాంతరంగా వచ్చింది, అంటే పోగులన్నింటికీ అడ్డంగా. 300 జీఎస్ఎం అట్టకు అది పెద్ద శిక్షే. అదే ఏ4 షీటును ముందుగా అడ్డంగా రెండు ఏ5 ముక్కలుగా కోసి, ఒక్కొక్క ముక్కను మళ్లీ సగానికి మడిచి చూడండి. ఇప్పుడు మడత వాలు వెంబడి వస్తుంది. ఏ6 కార్డులు రెండు తయారవుతాయి, 114 మిల్లీమీటర్లకు 162 మిల్లీమీటర్లుండే సీ6 కవరులో అవి చక్కగా ఇముడుతాయి. పెద్ద కార్డే కావాలంటే పొడవు వెంబడి వాలు ఉన్న ఏ3 షీటు తెచ్చుకుని రెండుగా కోయండి. అప్పుడు వచ్చే ఏ4 ముక్కలో పోగులు పొట్టి అంచు వెంబడి ఉంటాయి, మీ మడతకు అదే కావాలి.

షీటు మీద వాలు రాసి ఉండకపోతే ఇలా తెలుసుకోవచ్చు. ఒకే కాగితం నుంచి సెంటీమీటరు వెడల్పు, పది పన్నెండు సెంటీమీటర్ల పొడవు ఉండే పేలికలు రెండు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా కోసి, రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టి ఒక కొసన పట్టుకోండి. ఏ పేలిక ఎక్కువగా వాలిపోతుందో దానిలో పోగులు అడ్డంగా ఉన్నట్లు, నిటారుగా నిలబడేదానిలో పొడవు వెంబడి ఉన్నట్లు. బాగా దళసరి అట్ట అయితే పేలికలు అక్కర్లేదు, షీటును మడత పడకుండా రెండు దిశల్లోనూ మెల్లగా వంచి చూస్తే ఏ దిశలో సులువుగా లొంగుతోందో చేతికే తెలుస్తుంది.

మడిచే ముందు గీటు పెట్టాలి గానీ కోయకూడదు. కట్టర్ పోగులను తెంపేస్తుంది, అందుకే మీ కార్డు చిరిగింది. సిరా అయిపోయిన బాల్‌పెన్ గానీ బోన్ ఫోల్డర్ (మడతలు నొక్కే మొండి అంచు పనిముట్టు) గానీ స్కేలు పక్కన ఆనించి, అట్ట కింద నాలుగైదు వార్తాపత్రికలు పరిచి, ఒకసారి గట్టిగా నొక్కడం కంటే రెండుసార్లు తేలిగ్గా నొక్కుతూ గీయండి. గీసినవైపు పల్లం, వెనకవైపు సన్నని ఉబ్బు ఏర్పడతాయి. ఆ ఉబ్బు మడత లోపలికి రావాలి, పల్లం బయట ఉండాలి. చాలామంది దీన్ని తిరగేసి మడుస్తారు, చూడడానికి అదే సహజంగా అనిపిస్తుంది కూడా. కానీ అలా చేస్తే బయటి పొర ఎక్కువగా సాగాల్సి వచ్చి పగులుతుంది. ఇంకొకటి, తెల్లని అట్ట మీద పైపూతగా రంగు వేసిన రకం కాకుండా గుజ్జులోనే రంగు కలిపిన రకం తీసుకుంటే, ఒకవేళ చిన్న పగులు వచ్చినా కంటికి కనిపించదు.

ఇక అట్ట వంగడం. పీచు పోగు తడిసినప్పుడు పొడవు పెద్దగా పెరగదు, లావుగా ఉబ్బుతుంది; అందువల్ల తడి కాగితం వాలుకు అడ్డంగా సాగుతుంది. జిగురు పూసిన రంగు కాగితం అలా సాగిన స్థితిలోనే అట్టకు అతుక్కుని, ఆరేటప్పుడు కుంచించుకుపోతూ అట్టను తనవైపు లాక్కుంటుంది. దానికి విరుగుడు, అట్ట రెండో వైపున కూడా అలాంటి కాగితాన్నే అంటించడం. అట్టకూ రెండు కాగితాలకూ వాలు ఒకే దిశలో ఉండాలి. జిగురును పలుచగా, మధ్య నుంచి అంచులకు పూయండి. తర్వాత రెండు శుభ్రమైన తెల్ల కాగితాల మధ్య ఉంచి, పైన బరువైన పుస్తకాలు పెట్టి, ఒక పగలూ ఒక రాత్రీ కదిలించకుండా వదిలేయండి.

గాటుగీత:

మీ ఇంటి బొమ్మ సంగతి నేను చెప్తాను, ఇందులో లెక్క చాలా చిన్నది. మడత నుంచి గాటు ఎంత పొడవు పెడతారో, కార్డు మూసినప్పుడు ఆ పెట్టె (లోపలికి నెట్టిన మధ్య భాగం) కొస మడత నుంచి దానికి సరిగ్గా రెట్టింపు దూరం వెళ్తుంది. ఏ5 కాగితాన్ని మడిస్తే ఒక్కో రెక్క వెడల్పు 10.5 సెంటీమీటర్లు. మీ గాటు 6 సెంటీమీటర్లు, దాని రెట్టింపు 12, అందులోంచి 10.5 తీసేస్తే మిగిలే ఒకటిన్నర సెంటీమీటరే మీకు బయటికి కనిపిస్తున్నది. గాటును నాలుగున్నర సెంటీమీటర్లకు తగ్గించండి, అంచు దగ్గర కొంత చోటు కూడా మిగులుతుంది.

ఇల్లు ఇంకా ఎత్తుగా కావాలంటే పెట్టెను పెంచకుండా, దాని ముందువైపున ఇంటి బొమ్మను విడిగా కోసి అంటించండి. కింది రెక్క నేల, పై రెక్క గోడ అనుకుంటే, పెట్టె ముందుముఖం నేల మీద ఆనిన చోటు మడతకు ఎంత దూరంలో ఉందో, దానికి బొమ్మ మొత్తం ఎత్తును కలిపినప్పుడు వచ్చే సంఖ్య రెక్క వెడల్పుకు లోపల ఉండాలి. ఉదాహరణకు పెట్టె మడతకు 4 సెంటీమీటర్ల దూరంలో ఆనితే, ఈ కార్డులో బొమ్మ 6 సెంటీమీటర్ల ఎత్తు వరకూ ఉండవచ్చు. జపాన్ వాస్తుశిల్పి మసాహిరో చతాని 1980ల తొలి సంవత్సరాల నుంచి ఒకే కాగితాన్ని కోసి మడిచి ఏకంగా కట్టడాలనే నిలబెట్టారు. ఒరిగామిక్ ఆర్కిటెక్చర్ అని పేరొందిన ఆ పనిని గమనిస్తే, కాగితం మీద ఎంత కొలత ఉండాలో అంతకు మించి ఒక్క గీత కూడా ఉండదని తెలుస్తుంది. నాకు అది ఇప్పటికీ ఆశ్చర్యమే.

గాట్లు పెట్టిన షీటుకు వెనక రంధ్రం కనిపిస్తుంది కాబట్టి దాన్ని లోపలి పొరగా ఉంచి, బయట మరో కార్డు తొడగండి. పెట్టె వెనకభాగానికి మాత్రం జిగురు తగలనివ్వకండి, తగిలితే అది లేవదు. లోపలి పొరకు 300 జీఎస్ఎం అనవసరం, 160 నుంచి 200 సరిపోతుంది. ఇలాంటి పెట్టెలో మడతలన్నీ నడిమి మడతకు సమాంతరంగానే ఉంటాయి కనుక, మడతపేజీ గారు చెప్పిన వాలు ఇక్కడ కూడా ఆ దిశలోనే ఉండేటట్టు చూసుకోండి.

పాతకాగితం:

ఉత్తరాల గురించి అడిగారు. దయచేసి అసలు ఉత్తరాలను దేనికీ అంటించకండి. కార్డు పాడైతే మరొకటి చేయవచ్చు, ఆ చేతిరాతను ఎవరూ మళ్లీ చేయలేరు.

చెక్కగుజ్జుతో చేసిన చవక కాగితంలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది, వెలుతురుకూ గాలికీ అది పచ్చబడుతుంది. దానికి తోడు సిరా పాకకుండా గుజ్జులో పటిక, రోజనం (చెట్టు బంక నుంచి తీసేది) కలపడం 19, 20 శతాబ్దాల్లో బాగా వాడుకలో ఉండేది. దాని ఆమ్లగుణం పోగులను లోపలి నుంచి బలహీనపరుస్తుంది. మీ చేతిలోని ఉత్తరాలు పెళుసుబారడానికి ఇలాంటి కారణమే ఉండవచ్చు. అందుకే పుస్తకం పేజీలకు ఆమ్లరహితమూ లిగ్నిన్ లేనిదీ అయిన కాగితాన్నే ఎంచుకోండి, లేకపోతే కొత్త పేజీలోని ఆమ్లం పాత ఉత్తరంలోకి పాకుతుంది. సెలోటేపును దగ్గరికి కూడా రానివ్వకండి. దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకగా మారి కాగితంలోకి ఇంకిపోతుంది, ఆ తర్వాత దాన్ని తీయడం చాలా కష్టం.

పేజీ మీద కనిపించడానికి ఉత్తరాన్ని స్కాన్ చేసి, పిగ్మెంట్ సిరాతో (సన్నని రంగుపొడి కలిపిన ప్రింటర్ సిరా) అచ్చు తీసిన ప్రతిని పెట్టండి. డై సిరా, అంటే కరిగిన రంగుతో చేసేది, వెలుతురులో త్వరగా వెలిసిపోతుంది. అసలు ఉత్తరాన్ని ఆ పేజీ వెనక కాగితంతో చేసిన జేబులో గానీ, పారదర్శకమైన పాలిస్టర్ తొడుగులో గానీ ఉంచండి. పీవీసీ ప్లాస్టిక్ తొడుగులు వద్దు. ఫొటోలకు నాలుగు మూలలా కాగితపు మూలతొడుగులు మడిచి పేజీకి అంటిస్తే, జిగురు ఫొటోను తాకదు, కావాలన్నప్పుడు నాయనమ్మగారు దాన్ని బయటికి తీసి చూసుకోవచ్చు కూడా.

మడతల పుస్తకంలో మరొక చిక్కు ఉంది. పేజీల్లో వస్తువులు పెరిగేకొద్దీ పుస్తకం వెన్ను దగ్గర సన్నగా, తెరిచే వైపు లావుగా అయి నోరు తెరుచుకుని ఉంటుంది. వెన్నువైపు వచ్చే ప్రతి మడత దగ్గరా అర సెంటీమీటరు వెడల్పున చిన్న కుచ్చు మడతను అదనంగా పెడితే వెన్నుకు కూడా ఆ మందం వస్తుంది. ఇది ముందే లెక్క వేసుకోవాలి, తర్వాత కలపడం కుదరదు.

కాగితంపువ్వు:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి. పేలికల పరీక్ష చేశాను. నీలం అట్ట నుంచి కోసిన రెండు పేలికలనూ కలిపి పట్టుకోగానే ఒకటి కొంగు జారినట్లు కిందికి వాలిపోయింది, రెండోది చూపుడువేలిలా నిలబడింది. ఇన్నాళ్లూ నేను ఆ రెండో దిశకు అడ్డంగానే మడుస్తున్నాను! ఏ3 అట్ట తెచ్చి, కోసి, ఉబ్బు లోపలికి వచ్చేలా మడిచాను. రంగు ఎక్కడా చెదరలేదు. గాట్లు 4.5 సెంటీమీటర్లకు తగ్గించిన నమూనా అంచు లోపలే నిలిచింది. పైఅట్టకు రెండువైపులా కాగితం అంటించి బరువు కింద పెట్టాను, బల్ల మీద పెడితే ఇప్పుడు ఏ మూలా లేవడం లేదు.

ఒక్క సందేహం మిగిలింది. తాతయ్య ఒక ఉత్తరాన్ని కాగితానికి రెండువైపులా రాశారు, చోటు చాలక చివరి నాలుగు వరుసలను మార్జిన్‌లో నిలువుగా రాశారు. నాయనమ్మ ఆ నాలుగు వరుసలనే చదువుకుంటూ ఉంటారు. ఆ ఒక్క ఉత్తరాన్ని జేబులో దాచాలని అనిపించడం లేదు. రెండువైపులా కనిపించేటట్టు ఎలా పెట్టాలి?

పాతకాగితం:

ఆ పేజీని రెండు పొరలుగా చేసి, ఉత్తరం కంటే ప్రతివైపూ 3 మిల్లీమీటర్లు పెద్దదిగా ఒక కిటికీ కోయండి. ఉత్తరాన్ని పాలిస్టర్ తొడుగులో పెట్టి, తొడుగు అంచులను మాత్రమే, అంటే ఉత్తరం చేరని భాగాన్ని మాత్రమే, ఆ రెండు పొరల మధ్య అంటించండి. తొడుగు పైఅంచును మూయకుండా వదిలేస్తే ఉత్తరం ఎప్పుడైనా బయటికి వస్తుంది. కిటికీ కోసేటప్పుడు మార్జిన్‌లోని ఆ నాలుగు వరుసలు చట్రం కిందికి పోకుండా ముందుగా పేజీ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.